డకోటా వెనక మనిషి ఈయనే.. తను చేసిన విమానమే చివరికి తనకు పోటీ అయింది!

ఫోన్‌లో ఫ్లైట్ సిమ్యులేటర్ వీడియోలు చూసేవాళ్లకి ఈ విమానం బాగా పరిచయం. రెండు ఇంజిన్లు, పైకెత్తిన ముక్కు, తోక కింద చిన్న చక్రం. పేరు డీసీ-3. మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్ 2004 వెర్షన్‌లో ఉంది, 2022లో వచ్చిన 40 ఏళ్ల స్పెషల్ ఎడిషన్‌లోనూ ఉంది. అసలు సరదా అంతా లివరీల్లోనే. అంటే విమానం ఒంటి మీది రంగులు, గీతలు, కంపెనీ పేరు. ఇప్పుడు ఆకుపచ్చ మిలటరీ విమానం.. ఒక్క క్లిక్ కొడితే తళతళలాడే ప్యాసింజర్ విమానం!

ఇదేదో గేమ్ వాళ్లు కల్పించింది అనుకుంటే పొరపాటే. యుద్ధం అయిపోయాక నిజంగానే వేల విమానాలు ఇలా రంగు మార్చుకున్నాయి. ఆ రంగుల మార్పిడిలో బాగా దెబ్బ తిన్నది ఎవరో తెలుసా? దాన్ని తయారు చేసిన డొనాల్డ్ డగ్లస్.

1892 ఏప్రిల్ 6న న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో పుట్టారాయన. కుర్రాడిగా ఉన్నప్పుడే రైట్ సోదరుల విమానం ఆర్మీ అధికారుల ముందు ఎగరడం చూశారు. అంతే, ఆ పిచ్చి పట్టుకుంది. నేవల్ అకాడమీలో సీటు వచ్చినా 1912లో వదిలేసి, ఎంఐటీలో చేరి రెండేళ్లలోనే ఇంజినీరింగ్ పూర్తి చేశారు. ఆ తర్వాత గ్లెన్ మార్టిన్ కంపెనీలో చీఫ్ ఇంజినీర్. మంచి ఉద్యోగమే. కానీ 1920లో అదీ వదిలేసి లాస్ ఏంజెలెస్ బయల్దేరారు. అక్కడ మొదటి ఆఫీసు ఎక్కడో తెలుసా.. ఒక బార్బర్ షాపు వెనక గది!

డేవిస్ అనే ధనవంతుడు పెట్టుబడి పెట్టాడు. అమెరికాను ఈ చివర నుంచి ఆ చివరికి ఆగకుండా దాటే విమానం కావాలన్నది ఆయన కోరిక. విమానమైతే చేశారు గానీ, 1921లో దారిమధ్యలోనే ఇంజిన్ మొరాయించింది. డేవిస్‌కి ఆసక్తి పోయింది. డగ్లస్ మాత్రం నేవీ ఆర్డర్ పట్టుకుని నిలదొక్కుకున్నారు. మూడేళ్లకే, 1924లో ఆయన విమానాలు నాలుగు ప్రపంచాన్ని చుట్టడానికి బయల్దేరితే రెండు పూర్తిగా చుట్టి వచ్చాయి. మధ్యలో మన కలకత్తాలో ఆగి, నీటి మీద దిగే తెప్పలు తీసేసి చక్రాలు బిగించుకుని వెళ్లాయి. ఈ ముక్క మన దగ్గర పెద్దగా ఎవరూ చెప్పుకోరు.

ఇక అసలు మలుపు 1932లో. ఎయిర్‌లైన్ కంపెనీ టీడబ్ల్యూఏ నుంచి లెటర్ వచ్చింది. మూడు ఇంజిన్ల విమానం కావాలి, ఒక ఇంజిన్ ఆగినా టేకాఫ్ అవ్వాలి అని కండిషన్. డగ్లస్ టీమ్ రెండు ఇంజిన్లతోనే చేస్తామంది. 1933 జులై 1న డీసీ-1 గాల్లోకి లేచింది. లేచీ లేవగానే ఇంజిన్లు ఆగిపోవడం మొదలైంది! ముక్కు పైకెత్తితే చాలు, ఆగిపోతున్నాయి. కిందకి వంచితే మళ్లీ అందుకుంటున్నాయి. పైలట్ ఎలాగో అలా తిప్పలు పడి క్షేమంగా దించేశాడు. కార్బ్యురేటర్ తిప్పి బిగించాలని తర్వాత తేలింది. ఆ ఒక్క విమానానికి 3 లక్షల డాలర్లకు పైగా ఖర్చయితే, అమ్మింది 1 లక్షా 25 వేలకే.

డీసీ-3 కూడా అంత ఈజీగా రాలేదు. రాత్రి పడుకుని వెళ్లే విమానం కావాలని అమెరికన్ ఎయిర్‌లైన్స్ అధినేత ఫోన్‌లో గంటల తరబడి పట్టుబడితే గానీ డగ్లస్ ఒప్పుకోలేదు. 1935 డిసెంబర్ 17న మొదటిసారి ఎగిరింది. సీట్లు వేస్తే 21 మంది పట్టేవారు. డిజైన్ క్రెడిట్ మాత్రం ఆయనొక్కరిదే కాదు, ఆర్థర్ రేమండ్ లాంటి ఇంజినీర్లది కూడా.

తర్వాత రెండో ప్రపంచ యుద్ధం. అదే విమానానికి గట్టి ఫ్లోర్ వేసి, పక్కన పెద్ద కార్గో డోర్ పెట్టి, గోడల వెంట మడత బెంచీలు బిగిస్తే సీ-47 అయింది. బ్రిటిష్ వాళ్లు పెట్టిన పేరు డకోటా. సైనిక రకాలు 10 వేల దాకా తయారయ్యాయి. అస్సాం నుంచి హిమాలయాలు దాటి చైనాకు సరుకు మోసిందీ ఇదే, 1944లో నార్మండీ మీద పారాట్రూపర్లను దింపిందీ ఇదే.

యుద్ధం ముగిసింది. వేల డకోటాలు మిగిలిపోయాయి. ప్రభుత్వాలు చవగ్గా అమ్మేశాయి. బెంచీలు పీకి సీట్లు వేసి, ఆకుపచ్చ రంగు గీకి కంపెనీ పేరు రాసుకుంటే ఎయిర్‌లైన్ రెడీ! మన దేశంలో ఆ రోజుల్లో అన్ని ఎయిర్‌లైన్లు పుట్టుకురావడానికి ఒక కారణం ఇదే. బెంగళూరు హెచ్ఏఎల్‌లో వీటిని రిపేర్ చేసి ప్యాసింజర్ విమానాలుగా మార్చేవారు. మన బేగంపేట నుంచి నడిచిన డెక్కన్ ఎయిర్‌వేస్ కూడా డకోటాలే నడిపింది. దేశంలో తొలి మహిళా కమర్షియల్ పైలట్ ప్రేమ్ మాథుర్ ఉద్యోగం చేసింది అక్కడే. 1953లో ఆ కంపెనీ ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది. సిమ్యులేటర్‌లో లివరీలు గీసే మనవాళ్లెవరైనా ఉంటే, ఆ పేరు ఒక్కసారి ఆలోచించండి.

మరి డగ్లస్ సంగతి? పాత విమానం చవగ్గా దొరుకుతుంటే కొత్తది ఎవరు కొంటారు? డీసీ-3కి మెరుగులు దిద్ది 1949లో సూపర్ డీసీ-3 తెచ్చారు. ఎయిర్‌లైన్ల నుంచి వచ్చిన ఆర్డర్ మూడంటే మూడు! నేవీ తన పాత విమానాలను అలా మార్పించుకుంది కాబట్టి కొంత గట్టెక్కారు. జెట్ల కాలం వచ్చేసరికి బోయింగ్ 707 ముందు దూసుకెళ్లింది, డగ్లస్ డీసీ-8 వెనకబడింది. తర్వాత డీసీ-9కి ఆర్డర్లు కుప్పలుగా వచ్చాయి. కానీ వాటిని తయారు చేయడానికే చేతిలో డబ్బు చాలలేదు. 1967లో కంపెనీ మెక్‌డొనెల్‌లో విలీనమైంది.

1981 ఫిబ్రవరి 1న, 88 ఏళ్ల వయసులో డగ్లస్ కన్నుమూశారు. అస్థికలు పసిఫిక్‌లో కలిపారు. ఆ రోజుకీ చాలా దేశాల్లో డకోటాలు సరుకులు మోస్తూ ఎగురుతూనే ఉన్నాయి.