వేలెడు లేని పిన్ను: లెస్లీ ఇర్విన్ జీవితం

ఈ ప్రత్యేక సంచికకు ఎవరైనా పెద్దమనిషి జీవితం రాసి ఇమ్మని మన సంఘం కార్యదర్శిగారు అడిగినప్పుడు, అందరూ రాసే దేశనాయకుల గురించే నేనూ రాయడం ఎందుకనిపించింది. సర్వీసులో ఎక్కువ కాలం స్టోర్సులోనూ తనిఖీ విభాగంలోనూ గడిపినవాణ్ణి కాబట్టి, చిన్న వస్తువు మీద ప్రాణం పెట్టిన ఒక మనిషి కథ ఎంచుకున్నాను. ఆయన పేరు లెస్లీ లెరాయ్ ఇర్విన్. పారాచూట్ కట్టుకుని, గాలిలోకి దూకి, తన చేత్తో తానే దాన్ని తెరుచుకునే పద్ధతిని లోకానికి రుజువు చేసినవాడు.

ఇర్విన్ అమెరికాలోని లాస్ ఏంజెలెస్‌లో 1895 సెప్టెంబరు 10న పుట్టారు. ఆ రోజుల్లో జాతరల్లో, సంతల్లో వేడిగాలి బెలూన్లు ఎగరేసి, వాటి కింద ఊయల కట్టి, దానిమీద సాముగరిడీలు చేసి, చివరికి పారాచూట్‌తో దిగడం ఒక వినోదం. మన దగ్గర దొమ్మరివాళ్ల గడ ఎంతో, అక్కడ బెలూన్ ఆట అంత. మన ఇర్విన్ పద్నాలుగేళ్లకే ఆ ఆటలో దిగాడు. తర్వాత అప్పుడప్పుడే మొదలవుతున్న సినిమావాళ్ల దగ్గర ప్రమాదకరమైన ఫీట్లు చేసే పని దొరికింది. 1914లో సినిమా కోసం విమానం నుంచి కూడా దూకాడు. అప్పటికి పందొమ్మిదేళ్లయినా సరిగా నిండి ఉండవు. ఇంట్లో పెద్దవాళ్లు ఏమనుకున్నారో గాని, మన ఇళ్లలో అయితే కాళ్లు విరగ్గొట్టి కూర్చోబెట్టేవాళ్లం.

మొదటి ప్రపంచ యుద్ధం జరిగిన కాలంలో బెలూన్లలో ఎక్కి శత్రువుల కదలికలు చూసే సైనికులకు పారాచూట్లు ఉండేవి. ఆ పారాచూట్ సంచి బెలూన్‌కే కట్టి ఉంటుంది. మనిషి దూకితే అతని బరువుకు గొడుగు సంచిలోంచి దానంతట అది బయటికి వస్తుంది. నింపాదిగా వేలాడే బెలూన్‌కు ఇది బాగానే పనిచేసింది. విమానం సంగతి వేరు. గిరగిర తిరుగుతూ, మంటలు కక్కుతూ పడిపోతున్న విమానానికి తాడు కట్టుకుని దూకితే ఆ తాడు రెక్కకో తోకకో చుట్టుకుంటుంది. అయినా తాడు లేకుండా దూకమని ఎవరూ అనలేదు. కారణం ఒక అపనమ్మకం. ఆకాశంలోంచి అలా ఊరకే పడిపోయే మనిషికి స్పృహ తప్పుతుందనీ, చేతులు స్వాధీనంలో ఉండవనీ, తాను పారాచూట్ తెరుచుకోవడం కల్ల అనీ చదువుకున్న డాక్టర్లు, అనుభవమున్న అధికారులు కూడా నమ్మేవారు. 1918లో ఇర్విన్ సొంతంగా తయారుచేసిన పారాచూట్ కూడా విమానానికి తాడు కట్టే రకమే.

యుద్ధం ముగిశాక అమెరికా సైన్యం ఓహాయో రాష్ట్రంలో డేటన్ దగ్గర ఉన్న మెకుక్ ఫీల్డ్ అనే చోట మేజర్ హాఫ్‌మన్ ఆధ్వర్యంలో ఒక చిన్న బృందాన్ని పెట్టి, దొరికిన పారాచూట్లన్నీ తెప్పించి పరీక్షలు చేయించింది. ఆ బృందంలో ఫ్లాయిడ్ స్మిత్ అనే పైలట్ ఉన్నాడు. సంచిని విమానానికి కాక మనిషికే కట్టాలి, తెరిచే తాడు మనిషి చేతికే ఇవ్వాలి అన్నది ప్రధానంగా ఆయన పట్టుదల. ఇర్విన్ వచ్చి ఆ బృందంలో చేరారు. ముందు విమానంలోంచి బొమ్మలకు కట్టి పడేశారు. అయితే బొమ్మ తాడు లాగలేదు కదా! మనిషి కావాలి.

1919 ఏప్రిల్ 28న ఆ మనిషి ఇర్విన్ అయ్యారు. స్మిత్ విమానం నడిపారు. సుమారు 1,500 అడుగుల ఎత్తున ఇర్విన్ బయటికి దూకి, విమానానికి ఏ ఆధారమూ లేకుండా పడుతూ, చేత్తో తాడు లాగారు. పట్టు గొడుగు విచ్చుకుంది. స్పృహ తప్పలేదు, చేతులు పట్టు తప్పలేదు. దిగడంలో మాత్రం నేల గట్టిగా తగిలి చీలమండ విరిగింది. అన్ని ఏళ్ల నమ్మకాన్ని ఒక్క మధ్యాహ్నం పనితో కొట్టిపారేసినందుకు ఆయన చెల్లించిన సుంకం ఆ చీలమండే. అదే ఏడాది అదే మైదానంలో, విమానానికి తాడు కట్టే బ్రిటిష్ పారాచూట్‌ను చూపించబోయి ఆ తాడు విమానం భాగానికి చిక్కుకుని ఒక అధికారి ప్రాణం కోల్పోయాడు. దానితో వాదన తీరిపోయింది.

ఇక్కడ కాస్త ఆగి ఆ తాడు సంగతి చెప్పాలి. అసలు విషయం అందులోనే ఉంది.

పారాచూట్ సంచికి నాలుగు వైపులా రెక్కలుంటాయి, ఉత్తరం కవరుకు ఉన్నట్టు. ఒక రెక్కకు చిన్న లోహపు మొలకల్లాంటివి ఉంటాయి. పైన వచ్చే రెక్కలకు ఇత్తడి రింగు బిగించిన కన్నాలుంటాయి. గొడుగును మడతపెట్టి లోపల పెట్టి, రెక్కలు మూసి, మొలకలను ఆ కన్నాల్లోంచి పైకి తెస్తారు. ప్రతి మొలకకూ అడ్డంగా ఒక సన్నని రంధ్రం. అందులో వేలెడు కూడా లేని ఒక పిన్ను దూరుస్తారు. ఎడ్లబండి ఇరుసుకు సీల ఎలాగో ఇదీ అలాగే. బండికి సీల ఊడితే ప్రమాదం. ఇక్కడ ఊడకపోతే ప్రమాదం. ఈ పిన్నులన్నీ ఒక ఉక్కుతీగకు వరసగా బిగించి ఉంటాయి. ఆ తీగ ఒక మెలికల గొట్టంలోంచి వచ్చి రొమ్ము దగ్గర ఒక లోహపు పిడికి చేరుతుంది. పిడి లాగితే పిన్నులు జారతాయి, సాగే పట్టీలు రెక్కలను వెనక్కి గుంజుతాయి, లోపల స్ప్రింగుతో నొక్కిపెట్టిన పిల్ల గొడుగు ఎగిరి గాలి పట్టుకుని పెద్ద గొడుగును లాక్కుపోతుంది. అంతా రెండు మూడు సెకన్ల పని.

ఇందులో గొడుగు అందరికీ కనిపిస్తుంది. పిన్ను ఎవరికీ కనిపించదు. పిన్ను కొంచెం వంగితే రంధ్రంలో బిగుసుకుంటుంది. తుప్పు పట్టినా, అంచు గరుకెక్కినా అంతే. సగం బయటికి జారి ఉంటే విమానంలో కూర్చున్నప్పుడే సంచి తెరుచుకోవచ్చు. తీగ ఎక్కడైనా మడత పడితే గొట్టంలో ఆడదు. సాగే పట్టీలు పాతబడితే రెక్కలు బద్ధకిస్తాయి. పిన్ను కదలకుండా, ఎవరూ ముట్టలేదని తెలిసేటట్టు, ఒక దారం చుట్టి సీసం ముద్ర వేస్తారు. ఆ దారం కూడా చేతికి వచ్చిన దారం కాకూడదు. సులువుగా తెగేదే కావాలి. గట్టి దారం వాడితే మంచిదే కదా అని ఒక అమాయకుడు అనుకుంటే, పడిపోతున్న మనిషి పిడితో పాటు ఆ దారంతోనూ కుస్తీ పట్టాల్సి వస్తుంది. పిడిని కదిలించడానికి 22 పౌండ్లకు, అంటే సుమారు 10 కిలోలకు మించిన బలం అవసరం కాకూడదని అమెరికా ప్రమాణాల్లో తర్వాత నిర్ణయించారు.

మరొకటి. సంచి మూసేటప్పుడు రెక్కలు జారిపోకుండా తాత్కాలికంగా వేరే పిన్నులు గుచ్చి, అసలు పిన్నులు దూర్చాక వాటిని తీసేస్తారు. ఒక్కటి తీయడం మరిచిపోతే ఎంత లాగినా సంచి తెరుచుకోదు. అందుకే వాటికి ఎర్రగుడ్డ పేలిక కడతారు. మడత పెట్టేవాడు పని ముగిశాక తన పనిముట్లన్నీ లెక్కపెట్టుకోవాలి. ఒకటి తగ్గితే సంచి మళ్లీ విప్పాల్సిందే. మన ఆపరేషన్ థియేటర్లలో గుడ్డలూ కత్తెరలూ లెక్కపెట్టడం లాంటిదే ఇదీ. ఈ పని చేసేవారిని రిగ్గర్లు అంటారు. 1924లో అమెరికా నౌకాదళం లేక్‌హర్స్ట్ అనే చోట రిగ్గర్లకు బడి పెట్టినప్పుడు, తాను మడిచిన పారాచూట్‌తో తానే దూకి చూపించాలని నియమం పెట్టింది. తనిఖీ సంతకం పెట్టే ప్రతి ఉద్యోగానికీ ఇలాంటి పరీక్ష ఒకటి ఉంటే మన ఆఫీసుల్లో ఎన్ని కాగితాలు మళ్లీ చదివేవారో!

ఇర్విన్ అదే 1919లో బఫెలో నగరంలో కంపెనీ పెట్టారు. పట్టు వ్యాపారి జార్జ్ వెయిట్ ఆయనకు భాగస్వామి. సైన్యం నుంచి వందల పారాచూట్లకు ఆర్డరు వచ్చింది. ఇక్కడ ఒక విచిత్రం. కంపెనీ కాగితాలు రాసిన గుమాస్తా ఇర్విన్ చివర ఒక గకారం తగిలించడంతో రిజిస్టరులో ఇర్వింగ్ ఎయిర్ చూట్ కంపెనీ అయి కూర్చుంది. సర్వీసు రిజిస్టరులో ఒక అక్షరం తేడా పడితే పెన్షన్ కాగితాలకు ఎన్ని మెట్లు ఎక్కిదిగాలో మన సభ్యులకు నేను చెప్పాలా? ఇర్విన్ మాత్రం దాన్ని దిద్దించలేదు. పిన్ను విషయంలో అంత పట్టింపున్న మనిషి సొంత పేరు తప్పును పట్టించుకోలేదు.

స్మిత్ విషయంలో మాత్రం కొంత అన్యాయం జరిగిందని నా అభిప్రాయం. ఆలోచనలో పెద్ద వాటా ఆయనది, పేటెంటూ ఆయన పేరున ఉంది. పేరు ప్రతిష్ఠలు మాత్రం దూకినవానికీ కంపెనీ నడిపినవానికీ దక్కాయి. దూకింది ఇర్విన్ కాబట్టి అది పూర్తిగా అన్యాయమని కూడా అనలేను.

1922 అక్టోబరు 20న డేటన్ మీద హెరాల్డ్ హారిస్ అనే లెఫ్టినెంటు నడుపుతున్న విమానం గాలిలోనే ఊగిపోయి పట్టు తప్పింది. ఆయన దూకారు. పిడి కోసం చేయి వేసి లాగితే రాలేదు. మళ్లీ లాగారు, మళ్లీ రాలేదు. ఆయన లాగుతున్నది తొడ పట్టీకి ఉన్న కొక్కెం! చివరికి అసలు పిడి చేతికి తగిలి, నేలకు దగ్గరలో గొడుగు విచ్చుకుని, ఒక ఇంటి పెరటిలోని ద్రాక్ష పందిరి మీద దిగారు. నిజమైన ప్రమాదంలో విమానం విడిచి, చేత్తో తెరుచుకునే పారాచూట్‌తో బతికిన మొదటి మనిషి ఆయన. తొందరలో ఉన్న చేతికి ఏది ఎక్కడ తగులుతుందో కూడా తనిఖీలో భాగమేనని ఆ సంఘటన నేర్పింది.

హారిస్ బతికిన తర్వాత స్థానిక విలేఖరులు ఇద్దరు ఇలా ప్రాణాలు దక్కించుకున్నవారి పేర్లు రాసి ఉంచాలన్నారు. అలా పుట్టిందే కాటర్‌పిల్లర్ క్లబ్, అంటే గొంగళిపురుగుల సంఘం. పట్టుపురుగు ఇచ్చిన దారంతో బతికారు కాబట్టీ, గొంగళిపురుగు తన దారం పట్టుకునే కిందికి దిగుతుంది కాబట్టీ ఆ పేరు. తన పారాచూట్‌తో ప్రాణం దక్కినవారికి ఒక బంగారు పురుగు పిన్ను ఉచితంగా ఇస్తానని ఇర్విన్ మాట ఇచ్చి నిలబెట్టుకున్నారు. వెనక పేరు చెక్కించి ఇచ్చేవారు. చార్లెస్ లిండ్‌బర్గ్ ఒక్కరే 1925, 1926 సంవత్సరాల్లో నాలుగుసార్లు ఇలా దూకి బతికారు. అట్లాంటిక్ దాటింది ఆ తర్వాత 1927లో.

1926లో ఇంగ్లండులోని లెచ్‌వర్త్‌లో కంపెనీ కర్మాగారం పెట్టి, ఇర్విన్ ఎక్కువ కాలం అక్కడే గడిపారు. బ్రిటిష్ వైమానిక దళం ఆయన పారాచూట్లనే తీసుకుంది. చలి తట్టుకోవడానికి గొర్రెతోలుతో పైలట్ల కోటు కూడా తయారుచేశారు. అదీ ఆయన పేరుతోనే ప్రసిద్ధి. రెండవ ప్రపంచ యుద్ధం వచ్చాక జపాన్ పట్టు ఆగిపోయి నైలాను వచ్చింది. 1942 జూన్‌లో ఏడ్లీన్ గ్రే అనే రిగ్గరమ్మ నైలాను పారాచూట్‌తో దూకి చూపించింది. అన్నట్టు ఆమె ఇర్విన్ మనిషి కాదు, పోటీ కంపెనీలో పనిచేసేది. యుద్ధం ముగిసేనాటికి బంగారు పురుగు పొందినవారి సంఖ్య ముప్పై వేలు దాటింది. ఒక్కొక్కరి వెనక ఎక్కడో ఒక బల్ల దగ్గర నిలబడి పిన్ను వంగిందా లేదా అని వేలితో తడిమి చూసిన ఒక స్త్రీయో పురుషుడో ఉన్నారు. వాళ్లకు బంగారు పురుగులు ఇవ్వలేదు. మన దేశంలో కాన్పూరు పారాచూట్ ఫ్యాక్టరీ కూడా ఆ యుద్ధ కాలంలోనే, 1941లో మొదలైంది.

ఇప్పుడు సరదాకు దూకేవారు వీపున రెండు గొడుగులు పెట్టుకుంటారు. నాలుగు పిన్నుల చోట ఇప్పుడు చాలావాటిలో ఒకే పిన్ను, లోహపు మొలక చోట ఒక దారపు ఉచ్చు. మనిషి లాగలేకపోతే ఒక చిన్న యంత్రం ఎత్తునూ వేగాన్నీ చూసి ఆ ఉచ్చును దానంతట అదే కోసేస్తుంది. అయినా ఉచ్చు పోగులు లేచాయా, పిన్ను మీద గీత పడిందా, తాళ్ల మడతలు పట్టి ఉంచే రబ్బరు బ్యాండ్లు పగిలాయా అని చూడడం తప్పలేదు. అమెరికా నిబంధన ప్రకారం నైలాను వంటి కృత్రిమ నూలుతో చేసిన అత్యవసర పారాచూట్‌ను 180 రోజులకొకసారి, పట్టు ఉన్నదైతే 60 రోజులకొకసారి రిగ్గర్ విప్పి, చూసి, మడిచి, కార్డు మీద తేదీ వేసి సంతకం చేయాలి. దారం మీద సీసం ముద్రలో ఆ రిగ్గర్ గుర్తు ఉంటుంది. ఏదైనా జరిగితే ఎవరి చేతి పనో వెంటనే తెలుస్తుంది.

లెస్లీ ఇర్విన్ 1966 అక్టోబరు 9న కన్నుమూశారు. అప్పటికి ఆయనకు 71 ఏళ్లు. గుమాస్తా తగిలించిన ఆ గకారం మాత్రం ఆయన పోయాక కూడా కంపెనీ పేరులో కొనసాగింది. 1970లో శాఖలన్నీ ఒకే పేరు కిందికి తెచ్చినప్పుడు దాన్ని తీసేసి ఇర్విన్ అని సరిచేశారు.