పుదుచ్చేరిలో గురి నేర్పిన పండితుడు వ.వే.సు. అయ్యర్

పుదుచ్చేరి: పట్టణం నుంచి విల్లుపురం వెళ్లే దారిలో, పడమటి దిక్కున రెడ్డియార్‌పాళయం ఉంది. తమిళనాట స్థిరపడిన తెలుగు రెడ్ల జాడ ఆ పేరులోనే వినిపిస్తుంది. నేడది నగరంలో కలిసిపోయిన పేట. శతాబ్దం క్రితం మాత్రం ఆ దారిన మరికొన్ని మైళ్లు సాగితే ఫ్రెంచి ఏలుబడి ముగిసి ఆంగ్లేయుల ఏలుబడి మొదలయ్యేది. ఆ హద్దుకు ఇవతల ఉన్నంతకాలం తలదాచుకున్నవాడు స్వతంత్రుడు, అవతల అడుగు పెడితే ఖైదీ. దాదాపు పదేళ్లపాటు ఆ గీత దాటకుండా బతికిన ప్రవాసులలో వరహనేరి వేంకటేశ సుబ్రహ్మణ్య అయ్యర్ ఒకరు. తమిళులు ఆయనను వ.వే.సు. అయ్యర్‌గా పిలుచుకుంటారు. తమిళ కథానికకు ఆద్యుడిగా, తిరుక్కురళ్‌ను ఆంగ్లంలోకి అనువదించిన పండితుడిగా సాహిత్య చరిత్ర ఆయనను గుర్తుంచుకుంది. పోలీసు దస్త్రాలు మాత్రం పిస్తోలు గురి నేర్పిన వ్యక్తిగా నమోదు చేసుకున్నాయి.

1881 ఏప్రిల్ 2న తిరుచిరాపల్లి శివారులోని వరహనేరిలో అయ్యర్ జన్మించారు. తిరుచిరాపల్లిలోనే చదువుకుని, ప్లీడరు పరీక్షలో ఉత్తీర్ణులై కొంతకాలం వకాలతు చేశారు. తరువాత రంగూన్ వెళ్లి, అక్కడి నుంచి బారిస్టరు చదువు కోసం 1907లో లండన్ చేరి లింకన్స్ ఇన్‌లో చేరారు. అప్పటికే కుటుంబ భారం ఉన్న గృహస్థు. లండన్‌లోని హైగేట్ ప్రాంతంలో శ్యామ్‌జీ కృష్ణవర్మ నెలకొల్పిన ఇండియా హౌస్, అక్కడ పరిచయమైన వినాయక దామోదర్ సావర్కర్ ఆయన జీవితాన్ని మరో దారికి మళ్లించారు.

ఆ రోజుల్లో లండన్‌లోని టాటెన్‌హామ్ కోర్ట్ రోడ్డులో ఫెయిరీలాండ్ అనే గురి కేంద్రం ఉండేది. కొద్ది పైసలు చెల్లించి, రకరకాల తుపాకులతో, రివాల్వర్లతో కాగితపు లక్ష్యాలపై తూటాలు పేల్చి వెళ్లడం నగరవాసులకు వినోదం. బ్రిటన్‌లో పెద్దవారెవరైనా పది షిల్లింగుల లైసెన్సు తీసుకుంటే పిస్తోలు కొనుక్కోవచ్చు. అదే సామ్రాజ్యంలోని భారతదేశంలో 1878 నాటి ఆయుధ చట్టం అమలులో ఉండేది. యూరోపియన్లకు దాని నుంచి మినహాయింపు ఉండగా, భారతీయుడు అనుమతిపత్రం లేకుండా తుపాకీనే కాదు, తూటాను దగ్గర ఉంచుకున్నా నేరమే. స్వదేశంలో శిక్షకు దారితీసే పని రాజధాని నడిబొడ్డున సాయంకాలపు కాలక్షేపం కావడం ఆ విద్యార్థుల దృష్టిని దాటిపోలేదు. ఇండియా హౌస్ యువకులు ఫెయిరీలాండ్‌కు వెళ్లసాగారు. వారిలో అయ్యర్ కూడా ఉన్నట్టు బ్రిటిష్ గూఢచారుల నివేదికలు పేర్కొన్నాయి. మహిళల ఓటుహక్కు కోసం పోరాడుతున్న ఇద్దరు స్త్రీలు అదే చోట సాధన చేస్తున్నారన్న వార్త 1909లో లండన్ పోలీసులను కలవరపెట్టింది.

మదన్‌లాల్ ధింగ్రా అక్కడ దాదాపు మూడు నెలలు సాధన చేశాడు. 1909 జులై 1 సాయంత్రం కూడా వచ్చి 12 తూటాలు పేల్చి వెళ్లాడు. ఆ రాత్రే సర్ కర్జన్ వైలీని కాల్చి చంపాడు. కేంద్రం యజమాని హెన్రీ మోర్లీ న్యాయస్థానంలో సాక్ష్యం చెప్పవలసి వచ్చింది. ధింగ్రా ఉరికంబం ఎక్కాక ఇండియా హౌస్ చెల్లాచెదురైంది. అయ్యర్ బారిస్టరు చదువు పూర్తి చేసినా, బ్రిటిష్ రాజుకు విధేయత ప్రకటించే ప్రమాణం చేయడానికి నిరాకరించడంతో పట్టా దక్కలేదు. లండన్‌కు వచ్చిన పనే అది. దానిని ఆయన తనంతట తానే వదులుకున్నారు.

ఆ కాలపు చేతి తుపాకుల సంగతి కొంత తెలిస్తే తరువాతి కథ అర్థమవుతుంది. అంతవరకు రివాల్వర్లదే రాజ్యం. బరువైన వెబ్లీ రివాల్వర్ గదులలో ఆరు పెద్ద తూటాలు పట్టేవి. 1900 ప్రాంతంలో బెల్జియంలోని హెర్‌స్టాల్ కర్మాగారం నుంచి జాన్ బ్రౌనింగ్ రూపొందించిన పిస్తోలు వెలువడింది. దాని తూటా వ్యాసం 7.65 మిల్లీమీటర్లు. పిడిలోని పెట్టెలో ఏడు తూటాలు అమర్చవచ్చు. పలుచని ఆయుధం కావడంతో కోటు జేబులో ఇట్టే ఇమిడిపోయేది. ఒక రకం ఆయుధానికి చేసిన తూటా మరో రకంలో పట్టదు కాబట్టి, పిస్తోలు సంపాదించినవాడు దానికి తగిన తూటాలను కూడా వెతుక్కోవలసిందే. సాధన చేసే కొద్దీ అవి తరిగిపోతాయి. విప్లవకారులకు పిస్తోలు కన్నా తూటాలే కొరత. 1914 ఆగస్టులో కలకత్తాలోని రోడా కంపెనీ సరుకు నుంచి బెంగాల్ విప్లవకారులు అపహరించినవి 50 మౌజర్ పిస్తోళ్లు, 46,000 తూటాలు. ఎనిమిదేళ్ల తరువాత, 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి పోలీసు ఠాణాపై దాడి చేసిందీ ఈ కొరత తీర్చుకోవడానికే.

సావర్కర్ ఇరవై బ్రౌనింగ్ పిస్తోళ్లను, వాటి తూటాలను పెట్టె అడుగున రహస్య అర చేసి, ఇండియా హౌస్ వంటవాడు చతుర్భుజ్ అమీన్ ద్వారా 1909లో బొంబాయికి చేరవేశారు. వాటిలో ఒకదానితో ఆ ఏడాది డిసెంబర్ 21న నాసిక్ కలెక్టర్ జాక్సన్‌ను అనంత్ కన్హేరే కాల్చి చంపాడు. 1910 మార్చిలో సావర్కర్ లండన్‌లో అరెస్టయ్యారు. జులై 8న మార్సెయ్ రేవులో ఓడ నుంచి ఆయన దూకినప్పుడు అందుకోవలసిన మేడమ్ కామా, అయ్యర్ ఆలస్యంగా చేరుకున్నారు. అప్పటికే ఫ్రెంచి పోలీసు సావర్కర్‌ను పట్టి తిరిగి ఓడకు అప్పగించాడు. అయ్యర్ గడ్డం పెంచి, మారువేషంలో ఓడలు మారుతూ 1910 చివరికి పుదుచ్చేరి చేరారు.

అప్పటికే అక్కడ సుబ్రహ్మణ్య భారతి, మండయం శ్రీనివాసాచారి, అరవింద ఘోష్ ఉన్నారు. ఒకరు కవి, ఒకరు పత్రికా నిర్వాహకుడు, ఒకరు యోగమార్గంలోకి మళ్లిన నాయకుడు. ఆయుధ శిక్షణ తెలిసిన మనిషి అయ్యర్ ఒక్కరే. ఆయన దేహదారుఢ్యం మీద శ్రద్ధ కలవారు. వ్యాయామం, కుస్తీ, ఈత యువకులకు నేర్పేవారు. వాటితోపాటు గురి కూడా. 1911 జనవరిలో తిరువిదాంకూర్ అటవీశాఖ ఉద్యోగి వాంచి అయ్యర్ మూడు నెలల సెలవు పెట్టి పుదుచ్చేరి వచ్చాడని, అక్కడ అయ్యర్ వద్ద రివాల్వర్ సాధన చేశాడని 1918 నాటి రౌలట్ కమిటీ నివేదిక నమోదు చేసింది.

1911 జూన్ 17 ఉదయం తిరునల్వేలి కలెక్టర్ రాబర్ట్ యాష్ భార్యతో కలిసి కొడైకెనాల్ బయలుదేరాడు. మణియాచ్చి జంక్షన్‌లో బండి ఆగి ఉన్నప్పుడు వాంచి మొదటి తరగతి పెట్టెలోకి ఎక్కి, బెల్జియం బ్రౌనింగ్ పిస్తోలుతో యాష్‌ను కాల్చాడు. భార్య కళ్లెదుటే యాష్ కూలిపోయాడు. వాంచి ప్లాట్‌ఫారం మీదుగా పరుగెత్తి, అక్కడి మరుగుదొడ్డిలో అదే పిస్తోలుతో తనను తాను కాల్చుకున్నాడు. వయసు పాతికేళ్లు. ఆ స్టేషన్ నేడు ఆయన పేరుతోనే వంచి మణియాచ్చిగా ఉంది. కుట్ర కేసులో 14 మందిపై విచారణ జరగగా, నీలకంఠ బ్రహ్మచారికి ఏడేళ్ల కఠిన శిక్ష పడింది. ఫ్రెంచి గడ్డపై ఉన్న అయ్యర్‌ను ఆ బోనులో నిలపడం ఆంగ్లేయులకు సాధ్యపడలేదు.

అయ్యర్ బోనెక్కకపోయినా ఆ మరణాల నీడ పుదుచ్చేరి ప్రవాసులందరి మీదా పడింది. వారి ఇళ్ల చుట్టూ గూఢచారులు మోహరించారు. ఒకనాడు అయ్యర్ ఇంటి బావిలో మూత బిగించిన జాడీ ఒకటి నీటితోపాటు పైకి వచ్చింది. లోపల రాజద్రోహ కరపత్రాలు ఉన్నాయి. ఎవరో కావాలని వేసినదని గ్రహించి, ప్రవాసులు దానిని తామే ఫ్రెంచి పోలీసులకు అప్పగించారు. వెంటనే దానిని దాచిపెట్టి ఉంటే కథ ఎలా ముగిసేదో ఊహించుకోవచ్చు. సోదా చేయడానికి వచ్చిన ఫ్రెంచి న్యాయాధికారికి గ్రంథాలు, రాతప్రతులు తప్ప మరేమీ కనిపించలేదు.

నిజానికి ఆ ఇంట్లో ఆ తరువాత పెరిగినవి గ్రంథాలే. 1914 సెప్టెంబర్ 22న జర్మన్ యుద్ధనౌక ఎమ్డెన్ మద్రాసుపై గుండ్లు కురిపించాక, పుదుచ్చేరి ప్రవాసులను ఆఫ్రికాకు పంపించాలని ఆంగ్లేయులు ఫ్రెంచి ప్రభుత్వంపై ఒత్తిడి తెచ్చారు. ఎప్పుడు ఓడ ఎక్కిస్తారో తెలియని ఆ దినాలలోనే అయ్యర్ తిరుక్కురళ్ ఆంగ్లానువాదానికి పూనుకున్నారు. 1330 ద్విపదలను ఆయన కొద్ది నెలల్లోనే పూర్తి చేశారు. గ్రంథం 1916లో వెలువడింది. చంపకపోవడాన్ని, సహనాన్ని ధర్మాలలో తలమానికంగా నిలిపిన గ్రంథమది. దానిని ఎంచుకోవడంలో మనసు మారిన సూచన ఉందో లేదో చెప్పడం కష్టం, కానీ యాదృచ్ఛికమని కొట్టివేయడం అంతకన్నా కష్టం. కొలను గట్టున ఉన్న రావిచెట్టు నోట ఒక స్త్రీ విషాదాన్ని చెప్పించిన ఆయన కథానిక తమిళంలో తొలి ఆధునిక కథగా పేరు పొందింది. దానిపై టాగూర్ కథ ప్రభావం ఉందని విమర్శకులు చెబుతారు. నెపోలియన్, గారిబాల్డీల చరిత్రలూ ఆయన రాశారు. తుపాకీ పట్టిన వీరుల మీద మోజు పూర్తిగా వీడలేదన్నమాట.

యుద్ధానంతరం ప్రకటించిన క్షమాభిక్షతో 1920లో అయ్యర్ హద్దు దాటి సొంత గడ్డపై అడుగు పెట్టారు. మద్రాసులో దేశభక్తన్ పత్రికకు సంపాదకులయ్యారు. ఒక వ్యాసం కారణంగా 1921లో తొమ్మిది నెలల శిక్ష పడి బళ్లారి జైలుకు వెళ్లారు. కంబ రామాయణంపై ఆయన రాసిన ఆంగ్ల విమర్శ గ్రంథం ఆ జైలులో రూపుదిద్దుకున్నదే. పిస్తోలు నేర్పిన మనిషి ఇప్పుడు గాంధీ మార్గంలో ఖైదీ అయ్యారు.

విడుదలయ్యాక తిరునల్వేలి జిల్లా చేరన్మహాదేవిలో గురుకులం నడిపారు. అక్కడే ఆయన జీవితంలోని ఆఖరి వివాదం తలెత్తింది. కాంగ్రెస్ నిధులు అందుకున్న ఆ సంస్థలో ఇద్దరు బ్రాహ్మణ బాలురకు, వారి తల్లిదండ్రుల కోరిక మేరకు, వేరుగా భోజనం పెట్టారు. తెలుగు మూలాలున్న నాయకుడు పి. వరదరాజులు నాయుడు, ఇ.వి. రామస్వామి నాయకర్ దీనిని తీవ్రంగా ఎదిరించారు. గాంధీజీ దాకా వ్యవహారం వెళ్లింది. సామ్రాజ్యాన్ని ఎదిరించడానికి బారిస్టరు పట్టాను కాదనుకున్న అయ్యర్, రెండు విస్తళ్ల విషయంలో గట్టిగా నిలబడలేకపోయారన్న విమర్శ ఆయనను వెంటాడింది. ఆ విమర్శలో న్యాయం ఉంది. చివరకు గురుకుల బాధ్యత నుంచి ఆయన వైదొలిగారు.

1925 జూన్ మొదటి వారంలో గురుకుల విద్యార్థులతో, కుమార్తె సుభద్రతో కలిసి అయ్యర్ పాపనాశం జలపాతానికి వెళ్లారు. సుభద్ర కాలుజారి నీటిలో పడిపోయింది. ఈతలో ఆరితేరిన తండ్రి వెంటనే దూకారు. ప్రవాహం ఇద్దరినీ తీసుకుపోయింది. అప్పటికి ఆయన వయసు 44 సంవత్సరాలు.