మిల్లు కార్మికుని కుమారుడు – వింబుల్డన్ విజేత
ఫ్రెడ్ పెర్రీ జీవిత విశేషాలు

రిటైరైన తర్వాత మనలో చాలామందికి జూన్ నెలాఖరు వస్తే వింబుల్డన్ పోటీలు టీవీలో చూడటం ఒక కాలక్షేపం. ఆ మైదానం ఆవరణలో రాకెట్ పట్టుకుని బంతిని కొట్టబోతున్న ఒక ఆటగాని విగ్రహం ఉంది. ఆయన పేరు ఫ్రెడ్ పెర్రీ. ఆయన జీవితం ఆటలంటే ఆసక్తి లేనివారు కూడా తెలుసుకోదగినది. ఎందుకంటే అది కష్టానికీ, ప్రతిఫలానికీ, ఆలస్యంగా దక్కిన గౌరవానికీ సంబంధించిన కథ.

లాన్ టెన్నిస్ ఇంగ్లండులో పుట్టి పెరిగిన ఆట. వింబుల్డన్ పోటీలు 1877లో మొదలైనాయి. తొలి రోజుల్లో గెలుపులు చాలావరకు వారివే. డోహర్టీ సోదరులిద్దరే 1897 నుంచి 1906 లోపల తొమ్మిదిసార్లు విజేతలయ్యారు. 1909లో ఆర్థర్ గోర్ గెలిచిన తర్వాత మాత్రం పురుషుల సింగిల్స్ టైటిల్ ఇంగ్లీషువారి చేయి జారిపోయింది. సరిగ్గా ఆ సంవత్సరమే, మే 18న, స్టాక్‌పోర్ట్ పట్టణంలో పెర్రీ జన్మించారు.

తండ్రి శామ్యూల్ పెర్రీ నూలు మిల్లులో కార్మికునిగా జీవితం ప్రారంభించారు. సహకారోద్యమంలో పనిచేసి, కోఆపరేటివ్ పార్టీ కార్యదర్శిగా ఎదిగి, పార్లమెంటు సభ్యుడు కూడా అయ్యారు. ఆయన ఉద్యోగరీత్యా కుటుంబం లండను శివారులోని ఈలింగ్ ప్రాంతానికి వచ్చింది. అక్కడి కాలనీ క్లబ్బులోనే పెర్రీకి ఆట అబ్బింది. మొదట ఆయన రాణించింది టేబుల్ టెన్నిస్‌లో. 1929లో బుడాపెస్ట్‌లో ప్రపంచ సింగిల్స్ ఛాంపియన్ అయ్యారు. ఇరవై ఏళ్లు నిండకుండానే ప్రపంచ విజేత అయినవారు ఎవరైనా అక్కడే నిలిచిపోతారు. ఆయన మాత్రం దానిని వదిలి పూర్తిగా లాన్ టెన్నిస్ వైపు వచ్చారు.

ఆ రోజుల్లో పెద్ద పోటీలన్నీ అమెచ్యూర్లకే పరిమితం. గెలిచినవారికి కప్పు ఇచ్చేవారు గాని డబ్బు ఇవ్వరాదు. టిక్కెట్ల మీద వచ్చే రాబడి నిర్వాహకులది. ఆస్తిపాస్తులున్న కుటుంబాలవారికి ఈ నియమం ఇబ్బంది కాదు. ఉద్యోగం చేసుకుని బ్రతకవలసిన కుర్రవానికి అది పెద్ద అడ్డుగోడ. ఆటల సామాను అమ్మే కంపెనీలో ఉద్యోగం చేస్తున్న పెర్రీ, తండ్రి అండతో దానికి రాజీనామా చేసి ఆటలోకి దిగారు. అర్సెనల్ ఫుట్‌బాల్ జట్టుతో కలిసి కసరత్తు చేసి దేహదారుఢ్యం పెంచుకున్నారు. నేల మీద నుంచి బంతి ఇంకా పైకి లేస్తుండగానే కొట్టడం ఆయన ప్రత్యేకత. టేబుల్ టెన్నిస్ నేర్పిన చురుకుదనం ఇక్కడ అక్కరకు వచ్చింది. ఎదుటివారికి కుదురుకునే వ్యవధి ఉండేది కాదు.

1933లో పారిస్‌లో జరిగిన డేవిస్ కప్పు తుది పోరులో బ్రిటన్ 3–2తో ఫ్రాన్సును ఓడించింది. ఆరేళ్లుగా ఆ కప్పు ఫ్రాన్సు చేతిలోనే ఉంది. బ్రిటన్‌కు అది 21 ఏళ్ల తర్వాత దక్కింది. వరుసగా నాలుగేళ్లు, 1936 వరకు, అది వారి దగ్గరే ఉండటానికి ప్రధాన కారకుడు పెర్రీయే. అదే 1933లో అమెరికా, 1934లో ఆస్ట్రేలియా, వింబుల్డన్, 1935లో ఫ్రెంచ్ టైటిళ్లు గెలిచి, నాలుగు ప్రధాన సింగిల్స్ టైటిళ్లనూ సాధించిన మొదటి వ్యక్తి అయ్యారు. వింబుల్డన్‌ను 1934, 1935, 1936లలో వరుసగా మూడుసార్లు గెలిచారు. 1936 ఫైనల్లో జర్మనీకి చెందిన గాట్‌ఫ్రీడ్ ఫాన్ క్రామ్‌ను 6–1, 6–1, 6–0తో మూడు పావుగంటలైనా గడవకుండానే ఓడించారు. మొత్తం మీద ఆయన గెలిచిన ప్రధాన సింగిల్స్ టైటిళ్లు ఎనిమిది.

ఇంత చేసినా స్వదేశంలోని పెద్దమనుషులు ఆయనను తమవాడిగా భావించలేదు. 1934లో ఫైనల్లో ఆస్ట్రేలియా ఆటగాడు జాక్ క్రాఫర్డ్‌ను ఓడించి స్నానం చేస్తుండగా, క్లబ్బు కమిటీ సభ్యుడొకరు వచ్చి, ఈ రోజు గెలవవలసినవాడు గెలవలేదని క్రాఫర్డ్‌తో అనటం ఆయన చెవిన పడింది. విజేతకు సగౌరవంగా ఇవ్వవలసిన క్లబ్బు టై కుర్చీ మీద పడేసి ఉంది. పాతికేళ్ల తర్వాత దేశానికి టైటిల్ తెచ్చినవానికి అభినందనగా ఒక్క మాట కూడా దక్కలేదు. ఈ బాధను ఆయన చాలాకాలం మరువలేదు.

1936 చివర, 27 ఏళ్ల వయసులో, పెర్రీ ప్రొఫెషనల్‌గా మారారు. ఒంట్లో సత్తువ ఉన్నన్నాళ్లే కదా ఆటగానికి సంపాదన. ఆయనకు పెన్షను ఎవరిస్తారు? అయినా క్లబ్బు ఆయన గౌరవ సభ్యత్వాన్ని రద్దు చేసింది. వింబుల్డన్‌లోనూ, డేవిస్ కప్పులోనూ ఆడే అర్హత పోయింది. మరుసటి సంవత్సరమే బ్రిటన్ డేవిస్ కప్పును అమెరికాకు కోల్పోయింది. పెర్రీ ఎల్స్‌వర్త్ వైన్స్‌తో కలిసి అమెరికాలో ఊరూరా తిరిగి ఆడి, నాలుగు రాళ్లు సంపాదించుకున్నారు. అక్కడి పౌరసత్వం తీసుకుని, రెండవ ప్రపంచ యుద్ధంలో అమెరికా వైమానిక దళంలో పనిచేశారు.

యుద్ధానంతరం ఒక ఆస్ట్రియా మిత్రునితో కలిసి క్రీడా దుస్తుల వ్యాపారం పెట్టారు. 1952లో వచ్చిన వారి నూలు చొక్కా, దాని మీది ఆకుల దండ గుర్తు లోకమంతా ప్రసిద్ధమైనాయి. తండ్రి నూలు మిల్లు కార్మికుడు, కొడుకు పేరు నూలు చొక్కా మీద! ఏళ్ల తరబడి రేడియోలో ఆట వ్యాఖ్యాతగా కూడా పనిచేశారు.

కాలం మారింది. 1968లో వింబుల్డన్ ప్రొఫెషనల్స్‌కు తలుపులు తెరిచింది. ఏ పనికి ఆయనను వెలివేశారో అదే అందరికీ రాజమార్గమైంది. 1984లో, ఆయన మొదటి విజయానికి 50 ఏళ్లు నిండిన సందర్భంగా, అదే మైదానంలో ఆయన విగ్రహం ప్రతిష్ఠించారు. అప్పటికి ఆయన వయసు 75. తన విగ్రహాన్ని తాను కళ్లారా చూసుకునే భాగ్యం ఎందరికి దక్కుతుంది?

1995 ఫిబ్రవరి 2న, ఆస్ట్రేలియా పోటీలకు వెళ్లినప్పుడు, మెల్‌బోర్న్‌లో 85వ ఏట కన్నుమూశారు. చివరి రోజుల వరకూ ఆటను వదలలేదు.

ఆయన తర్వాత బ్రిటన్‌లో మహిళలు మోర్టిమర్ (1961), ఆన్ జోన్స్ (1969), వర్జీనియా వేడ్ (1977) వింబుల్డన్ గెలిచారు గాని, పురుషుల సింగిల్స్‌కు మాత్రం 77 ఏళ్లు ఎదురు చూడవలసి వచ్చింది. 2013లో స్కాట్లండుకు చెందిన ఆండీ ముర్రే ఆ లోటు తీర్చారు. 2015లో డేవిస్ కప్పు కూడా 79 ఏళ్ల తర్వాత బ్రిటన్‌కు తిరిగి వచ్చింది. ఈ రెండు సందర్భాల్లోనూ పత్రికలన్నీ మొదట తలచుకున్న పేరు పెర్రీదే.

చేసిన సేవకు గుర్తింపు వెంటనే దక్కకపోవటం మన సర్వీసుల్లోనూ ఎరిగినదే. పెర్రీ ఎవరినీ దేబిరించలేదు, తన పనిని తక్కువ చేసుకోలేదు. యాభై ఏళ్లకు గౌరవమే ఆయనను వెతుక్కుంటూ వచ్చింది. ఈసారి వింబుల్డన్ చూసేటప్పుడు ఆ విగ్రహం కనిపిస్తే, పక్కన కూర్చున్న మనవలకు ఈ కథ చెప్పండి.