మస్జిద్‌ల మేమార్ సినాన్ (రహ్మ)

ఉమ్రాకు వెళ్ళే మన సోదరుల్లో కొందరు తిరుగు ప్రయాణంలో టర్కీ కూడా చూసి వస్తున్నారు. ఇస్లామీ కళలు, ఉస్మానీ ఖిలాఫత్ చరిత్ర చదువుకునే విద్యార్థులు తమ ఉస్తాదుల వెంట బృందాలుగా ఇస్తాంబుల్ వెళ్తుంటారు. అక్కడికి వెళ్ళినవారెవరూ సులైమానియా మస్జిద్ చూడకుండా రారు. దాని గుమ్మటం కింద నిలబడి తలెత్తి చూస్తారు. ఖిబ్లా వైపు తోటలో ఉన్న సుల్తాన్ సులైమాన్ సమాధి దగ్గర దుఆ చేస్తారు. తర్వాత బజారు దారి పడతారు.

అయితే ఆ ప్రాంగణం గోడ దాటాక, ఉత్తరపు మూలన రెండు వీధులు కలిసే చోట ఇంకో సమాధి ఉంది. చాలా చిన్నది. దాని కొసన బాటసారుల దాహం తీర్చడానికి కట్టిన సబీల్ ఉంది. చాలామంది అటు చూడకుండానే వెళ్ళిపోతారు. ఆ మహా మస్జిద్‌ను కట్టిన మనిషి అక్కడే నిద్రిస్తున్నాడు. ఆయనే మేమార్ సినాన్. మేమార్ అంటే కట్టేవాడు అని ఉర్దూ తెలిసిన మన ఇళ్ళలో వేరే చెప్పనవసరం లేదు. ఆయన జీవితంలో మనందరికీ, ముఖ్యంగా చేతిపనితో కుటుంబాలను పోషించుకునే సోదరులకు గొప్ప గుణపాఠం ఉంది.

వడ్రంగి నుంచి మేమార్ దాకా

అనతోలియాలో ఖైసరీ పట్టణానికి దగ్గరగా అగిర్నాస్ అనే పల్లె ఉంది. సుమారు 1490 ప్రాంతంలో అక్కడొక క్రైస్తవ కుటుంబంలో సినాన్ జన్మించాడు. ఆ కాలంలో ఉస్మానీ ప్రభుత్వం క్రైస్తవ కుటుంబాల నుంచి కొందరు మగపిల్లలను ఎంపిక చేసి, రాజధానికి తీసుకుపోయి, ఇస్లాం నేర్పి, సైన్యంలోకో కొలువులోకో తీసుకునేది. దీనిని దేవ్‌షిర్మే అనేవారు. సుల్తాన్ మొదటి సలీం కాలంలో, 1512లో సినాన్ కూడా అలాగే వచ్చాడు. తల్లిదండ్రుల నుంచి బిడ్డలను వేరుచేసే ఈ పద్ధతిని ఒక సుల్తాన్ అమలు చేశాడు కనుక మనం సమర్థించవలసిన పని లేదు. ధర్మం విషయంలో బలవంతానికి ఇస్లాంలో చోటు లేదు. అయితే ఆ యువకుడు మాత్రం తనకు లభించిన విశ్వాసాన్ని మనస్ఫూర్తిగా స్వీకరించి, ఆఖరి శ్వాస దాకా దానినే అంటిపెట్టుకొని జీవించాడు.

శిక్షణ రోజుల్లో అతడు నేర్చుకున్న విద్య వడ్రంగం. ఉలి, రంపం, కొలబద్ద - ఇవే అతని తొలి పాఠ్యపుస్తకాలు. తర్వాత సైనికుడయ్యాడు. 1521లో బెల్‌గ్రేడ్, 1522లో రోడ్స్, 1526లో మొహాచ్, 1529లో వియన్నా దండయాత్రల్లోనూ, ఆ తర్వాత బాగ్దాద్ దండయాత్రలోనూ పాల్గొన్నాడు. సైన్యం ఏ ఊళ్ళో విడిది చేసినా అతడు అక్కడి పాత కట్టడాలను పరిశీలించేవాడు. ఏ గోడ ఎందుకు నిలిచింది, ఏ కమాను ఎందుకు పగిలింది అని ఆలోచించేవాడు.

1538లో సైన్యం మోల్దావియా మీదికి వెళ్తుండగా ప్రూత్ నది అడ్డు వచ్చింది. ఒడ్డున నేలంతా బురద. ఇతరులు కట్టిన వంతెన నిలవలేదు. చివరికి ఆ పని సినాన్‌కు అప్పగించారు. ఆయన పదమూడు రోజుల్లో వంతెన కట్టి సైన్యాన్ని దాటించాడు. ఆ దరిదాపుల్లోనే ప్రధాన మేమార్ పదవి ఖాళీ అయింది. అది సినాన్‌ను వరించింది.

అప్పటికి ఆయన వయస్సు యాభైకి అటూ ఇటూ. మనలో చాలామంది ఆ వయస్సుకు ఇక మన పని అయిపోయిందని కూర్చుంటారు. సినాన్ అసలు పని అప్పుడే మొదలయింది. మరో యాభై ఏళ్ళు, సులైమాన్, రెండవ సలీం, మూడవ మురాద్ అనే ముగ్గురు సుల్తానుల కాలంలో ఆయన ఆ పదవిలోనే కొనసాగాడు. మస్జిద్‌లు, మద్రసాలు, వంతెనలు, సరాయిలు, హమ్మాములు, ఆసుపత్రులు అన్నీ కలిపి ఆయన పేరు మీద 400కు పైగా కట్టడాలు నమోదయ్యాయి.

సులైమానియా

1543లో సుల్తాన్ సులైమాన్ కుమారుడు షహజాదా ముహమ్మద్ యవ్వనంలోనే మరణించాడు. ఆ బిడ్డ పేరిట సినాన్ కట్టిన షహజాదా మస్జిద్ 1548లో పూర్తయింది. లోకమంతా దానిని మెచ్చుకుంది. సినాన్ మాత్రం అది తన శిష్యరికపు పని మాత్రమేనని భావించేవాడట.

తర్వాత 1550లో సులైమానియా నిర్మాణం ప్రారంభమైంది. 1557లో పూర్తయింది. గుమ్మటం శిఖరం నేల నుంచి సుమారు 53 మీటర్ల ఎత్తులో ఉంది. దాని వెడల్పు 26 మీటర్లకు పైమాటే. ఆ నిర్మాణపు లెక్కల పుస్తకాలు ఈనాటికీ భద్రంగా ఉన్నాయి. రాయి చెక్కినవారు, సున్నం కలిపినవారు, సీసం పోసినవారు - ఎవరు ఎన్ని రోజులు పనిచేశారు, ఎంత కూలి తీసుకున్నారు అన్న వివరాలు వాటిలో ఉన్నాయి. నిపుణులైన పనివారిలో దాదాపు సగం మంది ముస్లిములు, సగం మంది క్రైస్తవులు. పనిదినాల్లో సగానికి పైగా కూలి తీసుకునే స్వేచ్ఛా పనివారివే. తక్కినవి ఎక్కువగా శిక్షణలో ఉన్న సైనిక యువకులవి, కొద్దిభాగం ఓడల్లో తెడ్లు వేసే ఖైదీలవి. అల్లాహ్ గృహం కట్టేటప్పుడు కూలివాని హక్కు లెక్క తప్పకూడదన్న జాగ్రత్త ఆ పుటల్లో కనిపిస్తుంది.

పని సాగుతుండగా సినాన్‌కు ఒక పరీక్ష ఎదురయింది. గిట్టనివారు సుల్తాన్ చెవిలో చాడీలు వేశారు. గుమ్మటం నిలవదన్నారు. మేమార్ పని పక్కనబెట్టి కాలక్షేపం చేస్తున్నాడన్నారు. సుల్తాన్ ఆగ్రహంతో స్వయంగా వచ్చి పని ఎప్పటికి పూర్తవుతుందని నిలదీశాడు. రెండు నెలల్లో పూర్తి చేస్తానని సినాన్ మాట ఇచ్చాడు. చుట్టూ ఉన్నవారు ఆయనకు మతి పోయిందనుకున్నారు. ఆయన ఎవరితోనూ వాదనకు దిగలేదు. రేయింబవళ్ళు పనివారి మధ్యనే ఉండి ఇచ్చిన మాట నిలబెట్టుకున్నాడు. ప్రారంభోత్సవం నాడు తలుపు ఎవరు తెరవాలన్న ప్రశ్న వచ్చింది. సుల్తాన్ తాళంచెవిని సినాన్ చేతిలోనే పెట్టాడు. ఈ సంగతులన్నీ వృద్ధాప్యంలో సినాన్ చెప్పగా ఆయన మిత్రుడు, కవి సాయీ ముస్తఫా చెలెబీ రాసిపెట్టిన జ్ఞాపకాల్లో ఉన్నాయి.

ఆ మస్జిద్‌లో ఖుర్ఆన్ ఆయతులను ఆనాటి ప్రఖ్యాత ఖత్తాత్ అహ్మద్ ఖరాహిసారీ సంప్రదాయంలో, ఆయన శిష్యుడు హసన్ చెలెబీ రాశాడు. మిహ్రాబ్ గోడకు ఇజ్నిక్ పట్టణంలో తయారైన రంగు పలకలు అమర్చారు. గుమ్మటం నడిమధ్యన ఫాతిర్ సూరాలోని 41వ ఆయతు కనిపిస్తుంది. భూమ్యాకాశాలు చెదరిపోకుండా నిలిపి ఉంచుతున్నది అల్లాహ్ మాత్రమేనని ఆ ఆయతు మనకు తెలుపుతుంది. ఆలోచించండి! గుమ్మటాన్ని నిలిపింది నేనే అని మేమార్ గర్వించదగిన చోట, నిలిపేవాడు అల్లాహ్ అని రాసి ఉంది. ఇస్లామీ కళకు ప్రాణం ఇదే. అది చూపరుల దృష్టిని కళాకారుని వైపు కాక సృష్టికర్త వైపు మళ్ళిస్తుంది.

మస్జిద్ చుట్టూ

సులైమానియా అంటే ఒక్క నమాజు స్థలమే కాదు. దాని చుట్టూ మద్రసాలు, హదీసు విద్యాలయం, వైద్య విద్యాలయం, దారుష్షిఫా, పిల్లల మక్తబ్, పేదలకూ బాటసారులకూ వండి వడ్డించే భోజనశాల, హమ్మాము కట్టారు. ఆకలిగొన్నవాడు, రోగి, విద్యార్థి అందరూ మస్జిద్ నీడలోకే వచ్చేవారు. ఆనాటి మద్రసా గదుల్లో 1918 నుంచి సులైమానియా గ్రంథాలయం నడుస్తోంది. ప్రపంచంలోని వ్రాతప్రతుల గ్రంథాలయాల్లో అది ఎన్నదగినది.

సినాన్ చేసిన పనుల్లో కంటికి అంతగా కనిపించనిది ఇంకొకటి ఉంది. అది నీరు. పెరుగుతున్న ఇస్తాంబుల్ నగరానికి నీళ్ళు చాలేవి కావు. నగరానికి ఉత్తరాన ఉన్న అడవుల్లోని ఊటల నుంచి కాలువలు తవ్వి, లోయల మీదుగా రాతి వంతెనలపై నీటిని నడిపించే బాధ్యతను సుల్తాన్ ఆయనకు అప్పగించాడు. ఖిర్క్ చెష్మే అనే ఆ నీటి మార్గం పని 1550వ దశకంలో మొదలయింది. 1563లో పెను వరద వచ్చి మగ్లోవా వంతెనతో సహా కష్టపడి కట్టినదాన్ని దెబ్బతీసింది. అప్పటికి సినాన్‌కు డెబ్బై దాటాయి. ఆయన అది తన విధిరాత అని చేతులు ముడుచుకోలేదు. వరద ఎక్కడ తోసిందో, రాయి ఎక్కడ ఓడిందో చూసి, ఆ వంతెనను మరింత దృఢంగా తిరిగి కట్టాడు. సుమారు 36 మీటర్ల ఎత్తున రెండంతస్తుల కమానులతో అది నేటికీ నిలిచి ఉంది. నీటిని దానంగా ఇవ్వడం ఎంత గొప్ప సదఖానో మన పాఠకులకు తెలియనిది కాదు.

ఎనభై ఏళ్ళ వయస్సులో

సినాన్ తన ఉస్తాదుతనం చూపిన పని అని స్వయంగా భావించింది ఎదిర్నె పట్టణంలోని సలీమియా మస్జిద్. 1568లో దాని నిర్మాణం మొదలైనప్పుడు ఆయన వయస్సు ఎనభైకి చేరువలో ఉంది. ఎనిమిది స్తంభాల మీద సుమారు 31 మీటర్ల వెడల్పున్న గుమ్మటాన్ని నిలిపాడు. నాలుగు మూలలా సుమారు 70 మీటర్ల మినార్లు లేపాడు. లోపల ఎక్కడ నిలబడినా ఒకే సఫ్‌లో, ఒకే కప్పు కింద ఉన్నామనిపిస్తుంది. 

ఆ మస్జిద్ కట్టించిన సుల్తాన్ రెండవ సలీం 1574 డిసెంబరులో మరణించాడు. మస్జిద్ 1575 మార్చిలో తెరుచుకుంది. కట్టించినవానికి అందులో నమాజు చేసే భాగ్యం దక్కలేదు. ఈ ఒక్క సంగతి చాలు, మన ఆయుష్షు మీద మనకెంత అధికారం ఉందో తెలుసుకోవడానికి.

పవిత్ర మక్కాలోని మస్జిదె హరామ్ చుట్టూ చిన్న చిన్న గుమ్మటాలతో వరండాలు కట్టే పని కూడా సినాన్ ప్రధాన మేమార్‌గా ఉన్న కాలంలోనే, 1571లో వచ్చిన ఆజ్ఞతో సాగింది. జీవిత చరమాంకంలో, 1584 ప్రాంతంలో ఆయన హజ్ కూడా చేసుకున్నాడు.

చిన్న సమాధి

హిజ్రీ 996లో, అంటే 1588లో సినాన్ అల్లాహ్ సన్నిధికి చేరుకున్నాడు. సుల్తానులకు ఆకాశాన్నంటే మస్జిద్‌లు కట్టిన ఆయన తన సొంత ధనంతో కట్టించుకున్న మస్జిద్ చాలా చిన్నది. తన ఆస్తిని వక్ఫ్ చేసి వెళ్ళాడు. తన సమాధి పక్కన దాహం వేసినవారికి నీళ్ళు ఏర్పాటు చేశాడు.

ఆయన తండ్రి పేరు పత్రాల్లో అబ్దుల్ మన్నాన్ అని ఉంటుంది. కొత్తగా ఇస్లాం స్వీకరించినవారికి అలా అల్లాహ్ దాసుడు అన్న అర్థమొచ్చే పేరును తండ్రి పేరుగా రాయడం ఆనాటి ఆనవాయితీ. అంటే ఆయన వంశం ఏదని ఆనాడు ఎవరూ పట్టించుకోలేదు, పనిలోని నాణ్యతనే చూశారు. విచారకరమైన విషయమేమిటంటే 1935లో కొందరు ఆయన ఏ జాతివాడో తేల్చాలని సమాధి తవ్వి పుర్రెను కొలిచారు. ఆ పుర్రె ఆ తర్వాత కనిపించకుండా పోయింది. జాతి అభిమానం మనిషిని ఎంతకు దిగజారుస్తుందో చూడండి! అల్లాహ్ దగ్గర గౌరవం భయభక్తులను బట్టే గాని రక్తాన్ని బట్టి కాదని మన ధర్మం నేర్పింది కదా!

సోదర సోదరీమణులారా!

మన ఇళ్ళలో తాపీ మేస్త్రీలున్నారు, వడ్రంగులున్నారు, వెల్డింగు పనివారు, దర్జీలు, మెకానిక్కులు ఉన్నారు. అయితే పెళ్ళి సంబంధాలు చూసేటప్పుడు అబ్బాయి మేస్త్రీ పని చేస్తాడని చెప్పడానికి తల్లి గొంతు తగ్గుతుంది. ఎందుకీ సిగ్గు? హజ్రత్ నూహ్ (అలై) తన చేతులతో ఓడ నిర్మించారు. హజ్రత్ దావూద్ (అలై) ఇనుముతో కవచాలు చేశారు. హజ్రత్ జకరియ్యా (అలై) వడ్రంగి. కాబా గోడలు లేపింది హజ్రత్ ఇబ్రాహీం (అలై), ఆయన కుమారుడు హజ్రత్ ఇస్మాయీల్ (అలై). సిగ్గుపడవలసింది చేతిపనికి కాదు, చేతిలో ఉన్న పనిని దొంగతనంగా చేయడానికి. సిమెంటు తగ్గించి పూత పూసినవాడు యజమానిని మోసగించగలడేమో గాని అల్లాహ్‌ను మోసగించలేడు. గోడ లోపల ఉన్న రాయిని మనుషులెవరూ చూడరు. దానిని కూడా సరిగ్గా పేర్చడమే ఇహ్సాన్.

అలాగే మస్జిద్ కమిటీల పెద్దలు కూడా ఆలోచించాలి. మినార్ ఇంకో పది అడుగులు పెంచడానికి చందాలు వసూలు చేస్తాము. అదే మస్జిద్‌లో వుజూకు నీళ్ళుండవు, పిల్లల మక్తబ్‌కు గది ఉండదు, వాకిట నిలబడ్డ ఆకలిగొన్నవానికి పిడికెడు అన్నం ఉండదు. సినాన్ కట్టిన మస్జిద్‌ల అందాన్ని పొగడడం తేలిక. వాటి చుట్టూ ఉన్న భోజనశాలను, బడిని, నీటిని మన మహల్లాలోకి తెచ్చుకోవడమే కష్టం. ఆ దేశం వెళ్ళి వచ్చేవారు అక్కడి నుంచి ఫోటోలతో పాటు ఈ ఆలోచన కూడా వెంట తెస్తే ఆ ప్రయాణం సార్థకమవుతుంది.

మన చేతిపనిలో నిజాయితీని, మన మస్జిద్‌లలో జీవాన్ని, మన సంకల్పంలో చిత్తశుద్ధిని అల్లాహ్ ప్రసాదించుగాక! మేమార్ సినాన్ సేవలను స్వీకరించి ఆయనను తన కారుణ్యఛాయలో ఉంచుగాక! ఆమీన్.