రాళ్ళలో జీవం వెదికిన మేరీ ఆనింగ్

హైదరాబాదు వెళ్ళినపుడు పిల్లలను బిర్లా సైన్స్ మ్యూజియంకు తీసుకువెళ్ళారా? వెళ్ళి ఉంటే అక్కడ నిలబెట్టిన రాక్షసబల్లి అస్థిపంజరం మీకు గుర్తుండే ఉంటుంది. అది మన ప్రాణహిత - గోదావరి లోయలో యామనపల్లి దగ్గర దొరికినది. పేరు కోటసారస్. అది బ్రతికిన కాలాన్ని జురాసిక్ యుగం అంటారు. ఆ పేరుతో సినిమా వచ్చినప్పటి నుంచి ఈ మాట మన పిల్లలందరికీ నోటికి వచ్చేసింది.

ఆ యుగపు సముద్ర జంతువులను కొండరాతిలోంచి వెలికితీసి లోకానికి చూపిన తొలివారిలో ఒక పేదింటి ఆడపిల్ల ఉన్నదని మాత్రం చాలామందికి తెలియదు. ఆమె పేరు మేరీ ఆనింగ్. ఆమె పునీతురాలు కాదు, కతోలికురాలు కూడా కాదు. అయినా ఆమె కథను మీ ఇంట్లో చదివి వినిపించండి. ఎందుకో చదివితే మీకే తెలుస్తుంది.

ఇంగ్లాండు దక్షిణ తీరంలో డోర్సెట్ ప్రాంతాన లైమ్ రీజిస్ అని ఒక చిన్న ఊరున్నది. మేరీ అక్కడ 1799 మే 21న పుట్టింది. తండ్రి రిచర్డు వడ్రంగి. ఆ దంపతులకు తొమ్మిదిమందో పదిమందో పిల్లలు కలిగారు గాని, పెరిగి పెద్దవారైనది జోసెఫు, మేరీ ఇద్దరే. మేరీ అనే పేరు కూడా ఆమెకంటే ముందు పుట్టి, బట్టలకు నిప్పంటుకుని చనిపోయిన అక్కది. ఈ మేరీకి పదిహేను నెలల వయసులో మరో గండం వచ్చింది. 1800 ఆగస్టులో ఆమెను ఎత్తుకుని చెట్టు కింద నిలబడిన పొరుగింటావిడ మీద పిడుగు పడింది. ఆమె, పక్కనున్న మరో ఇద్దరు స్త్రీలు అక్కడికక్కడే చనిపోయారు. బిడ్డ మాత్రం బ్రతికింది. అంతవరకు నలతగా ఉండే పిల్ల ఆ తర్వాతే చురుకైనదని ఊళ్ళో చెప్పుకునేవారు. అందులో నిజమెంతో గాని, ఆ ఊరివారికి అదొక ఇష్టమైన కబురు.

రిచర్డు చెక్కపని చేసుకుంటూనే, తీరిక వేళల్లో సముద్రపు ఒడ్డున కొండచరియల కింద దొరికే వింత రాళ్ళను ఏరి, ఇంటిముందు బల్ల మీద పెట్టి అమ్మేవాడు. అప్పట్లో నెపోలియన్ యుద్ధాల వల్ల ధనవంతులు విదేశాలకు పోలేక, గాలి మార్పు కోసం ఇటువంటి తీరపు ఊళ్ళకు వచ్చేవారు. వారికి ఈ రాళ్ళంటే సరదా. చుట్ట చుట్టుకున్న అమ్మోనైట్లను పాము రాళ్ళనేవారు. ఇంగ్లాండు ఉత్తరాన విట్బీలో అయితే, పునీత హిల్డా అనే మఠాధిపతి ప్రార్థనవల్ల పాములు రాళ్ళయిపోయాయని కథ చెప్పి, అమ్మేవాళ్ళు వాటికి తలకాయలు కూడా చెక్కేవారు! మన దేశంలో హైందవ సోదరులు పూజించే సాలగ్రామాలు చాలావరకు ఈ అమ్మోనైట్లే.

1810లో రిచర్డు చనిపోయాడు. క్షయ ఒకవైపు, కొండమీద నుంచి జారిపడిన దెబ్బ మరొకవైపు. మిగిల్చి పోయింది 120 పౌన్ల అప్పు. తల్లీ పిల్లలు బీదలకు ఊరి విచారణ ఇచ్చే సాయం మీద బ్రతకవలసి వచ్చింది. అప్పటికి మేరీకి పదకొండేళ్ళు. తండ్రి వెంట తిరిగి నేర్చుకున్న విద్య ఒక్కటే ఆమెకు ఆస్తి. ఒకరోజు ఆమె ఏరుకొచ్చిన అమ్మోనైట్‌ను దారిన పోయే ఒక దొరసాని రెండున్నర షిల్లింగులకు కొన్నదనీ, అప్పుడే ఈ పని మీద కుటుంబాన్ని పోషించవచ్చని ఆ పిల్లకు తోచిందనీ అంటారు.

1811లో అన్న జోసెఫుకు చరియలో నాలుగడుగుల పొడవున్న ఒక తలకాయ ఎముక కనబడింది. మొసలిదేమో అనుకున్నారు. ఏడాది తర్వాత మేరీ దాని తక్కిన ఒళ్ళంతా కనిపెట్టింది. కూలివాళ్ళను పెట్టి తవ్వించారు. పదిహేడు అడుగుల జంతువు! అది మొసలి కాదు. ఏనాడో అంతరించిపోయిన సముద్రపు సరీసృపం. తర్వాత దానికి ఇక్తియోసారస్ అని పేరు పెట్టారు. ఆ ప్రాంతపు జమీందారు దాన్ని 23 పౌన్లకు కొన్నాడు. చేతులు మారి 1819లో అది బ్రిటిష్ మ్యూజియం చేరింది. ఆ తలను ఇప్పటికీ లండనులో చూడవచ్చు.

ఆ పని ఎలాంటిదో మీరు ఒక్కసారి ఊహించండి. లైమ్ దగ్గర కొండలు సున్నపురాయి ఒక పొర, నల్లని బంకమట్టి ఒక పొరగా పేర్చినట్లుంటాయి. అడుగున ఉన్న పొరలు సుమారు 20 కోట్ల ఏళ్ళనాటి సముద్రపు అడుసు. అదే కొండ నెత్తిన పసుపుపచ్చని ఇసుకరాయి ఉంటుంది; అది దాదాపు 10 కోట్ల ఏళ్ళనాటిది, అంటే క్రిటేషియస్ అనే తర్వాతి యుగానిది. చలికాలపు వానలకు చరియ విరిగిపడితే ఆ యుగమూ ఈ యుగమూ కలగాపులగమై ఒడ్డున పడతాయి. మళ్ళీ పోటు వచ్చేలోగా ఏరుకోవాలి, లేకపోతే సముద్రం పట్టుకుపోతుంది. అందుకని చలిలోనే, గాలివాన వెలిసిన మరునాడే పోవాలి. తలమీద ఏ క్షణాన మరో చరియ కూలుతుందో తెలియదు. 1833లో అలాగే కూలి, ఎప్పుడూ ఆమె వెంట తిరిగే ట్రే అనే కుక్కను క్షణంలో చంపింది. మేరీ దగ్గరలోనే ఉండి బ్రతికిపోయింది.

ఏరిన ప్రతి రాయీ ఏ పొరలోనిదో గుర్తుపట్టడం అందరికీ చేతకాదు. పొర పేరు, చోటు రాసిపెట్టని శిలాజం సగం విలువ పోగొట్టుకున్నట్టే. మేరీకి ఈ విద్య చూపుకే వచ్చేది. పెద్ద చదువు లేదు. ఆదివారపు బడిలో నేర్చిన చదువూ రాతా అంతే. అయినా శాస్త్ర గ్రంథాలు అరువు తెచ్చుకుని చేత్తో రాసుకుంది, బొమ్మలతో సహా. ఎముకల అమరిక తెలియడానికి చేపలను కోసి చూసింది.

ఇక ఆ కాలపు శిలాజ సేకర్తల సంగతి. వీళ్ళలో ఉద్యోగరీత్యా శాస్త్రజ్ఞులు తక్కువ. దొరలు, సైనికులు, పాదుర్లు, పెళ్ళికాని అక్కచెల్లెళ్ళు, తీరికా సరదా ఉన్నవారు. ఒకరికి దొరికినది మరొకరికి చూపడం, రెండేసి ఉంటే మార్చుకోవడం, ఉత్తరాలతో బొమ్మలు పంపుకోవడం - వారి స్నేహాలన్నీ అలా పెనవేసుకున్నవే. మేరీ వారికి అమ్మేది. వారు ఆమెకు ధర ఇచ్చేవారు. మరి ఇది అంగడి వ్యవహారమా, స్నేహమా? ఒక్కొక్కరి విషయంలో ఒక్కొక్కలా ఉన్నది.

థామస్ బర్చ్ అనే లెఫ్టినెంట్ కర్నల్‌ను చూడండి. ఆయన ఈ కుటుంబం దగ్గర చాలా కొన్నాడు. 1820 ప్రాంతంలో ఆయన లైమ్ వచ్చేసరికి ఇల్లు గడవక వారు అద్దె కోసం బల్లలూ కుర్చీలూ అమ్ముకోబోతున్నారు. దాదాపు ఏడాదిగా చెప్పుకోదగ్గదేదీ దొరకలేదట. బర్చ్ ఏం చేశాడో తెలుసా? తాను ఏళ్ళ తరబడి కూడబెట్టిన శిలాజాలన్నిటినీ లండనులో మూడు రోజులు వేలం వేయించాడు. 400 పౌన్లకు పైగా వచ్చింది. ఆ వేలం ఆనింగ్ కుటుంబం మేలు కోసమే. సరదాగా ఏదైనా సేకరించే అలవాటున్నవారు మీ ఇంట్లో ఉంటే, తపాలా బిళ్ళలో పాత నాణాలో, వారిని అడగండి ఇది ఎంత పనో. ప్యారిస్ నుంచి, వియన్నా నుంచి కూడా కొనేవారు రావడంతో ఆ వేలం వల్ల మేరీ పేరు కూడా పైకి వచ్చింది.

ఎలిజబెత్ ఫిల్‌పాట్ స్నేహం మరో తీరు. ఈమె మేరీ కంటే ఇరవై ఏళ్ళు పెద్ద, కలిగిన కుటుంబం, ఇద్దరు తోబుట్టువులతో లైమ్‌లో ఉండేది. ఆనాటి ఇంగ్లాండులో అలాంటి అమ్మగారు వడ్రంగి కూతురితో బురదలో మోకాలి దాకా దిగి తిరగడం చూసి ముక్కున వేలేసుకున్నవారు ఉండే ఉంటారు. ఇద్దరూ కలిసి ఏరేవారు. మేరీ చేత భూగర్భశాస్త్రం చదివించినది ఎలిజబెతే. ఒకసారి బెలెమ్నైట్ అనే, స్క్విడ్‌కు దూరపు చుట్టమైన ప్రాణి శిలాజంలో మేరీకి ఎండిన సిరా సంచి కనబడింది. ఎలిజబెత్ ఆ సిరాను నీటితో నూరి, దానితోనే ఇక్తియోసారస్ బొమ్మ గీసింది! కోట్ల ఏళ్ళనాటి జంతువు బొమ్మ, దాని సముద్రంలోనే ఈదిన మరో ప్రాణి సిరాతో. స్విట్జర్లాండు శాస్త్రజ్ఞుడు అగస్సీ 1834లో వచ్చినప్పుడు ఈ ఇద్దరూ చేపల శిలాజాల గురించి ఆయనకు ఎంతో వివరించారు. ఆయన కొన్ని చేపజాతులకు వారి పేర్లు పెట్టి ఆ రుణం తీర్చుకున్నాడు. ఎలిజబెత్ సేకరణ ఇప్పుడు ఆక్స్‌ఫర్డ్ మ్యూజియంలో ఉంది.

చేపల మాట వచ్చింది కాబట్టి మరో ఇద్దరిని చెప్పాలి. ఫిలిప్ ఎగర్టన్, ఎనిస్కిల్లెన్ ప్రభువు. కాలేజీనాటి మిత్రులు, చేప శిలాజాలంటే ఇద్దరికీ పిచ్చి. మేరీ దగ్గర కొన్నవారే. పలకరాయి చీలినప్పుడు చేప రెండు సగాలుగా, రెండు పలకల మీదా పడుతుంది కదా. ఒక పలక ఒకరు, రెండోది రెండోవారు పంచుకునేవారు. చివరికి రెండు సేకరణలూ ఒకే మ్యూజియం చేరి, ఆ సగాలు మళ్ళీ కలుసుకున్నాయి. ఈ ఎగర్టన్‌కు మనతోనూ సంబంధం ఉన్నది సుమండీ! ప్రాణహిత ఒడ్డున కోట గ్రామం దగ్గర దొరికిన జురాసిక్ చేపలను 1850 దశకంలో లండనుకు పంపితే, వాటిని పరీక్షించి వర్ణన రాసినది ఆయనే. లైమ్ చేపలతో అలవాటైన కన్ను మన గోదావరి లోయ చేపను గుర్తుపట్టింది.

ఇంతవరకు బాగుంది. కాని అందరూ బర్చ్‌లు కారు. 1823 చివర మేరీ పొడవాటి మెడగల ప్లీసియోసారస్‌ను పూర్తి అస్థిపంజరంతో వెలికితీసింది. ఆ బొమ్మ చూసిన ఫ్రాన్సు మహాశాస్త్రజ్ఞుడు కువియే అంత మెడ ఏ జంతువుకూ ఉండదని, ఎవరో రెండు జంతువుల ఎముకలు అతికించారేమోనని అనుమానించాడు. ఆ మాట నిలిచి ఉంటే మేరీ పొట్టకూడు అక్కడితో సరి. మోసగత్తె దగ్గర ఎవరు కొంటారు? 1824 ఫిబ్రవరిలో లండను భూగర్భశాస్త్ర సంఘంలో కోనిబేర్ అనే పాదిరి దాన్ని వివరించి నిజమైనదేనని నిలబెట్టాడు. కువియే తన పొరపాటు ఒప్పుకున్నాడు. అయితే ఆ ప్రసంగంలో, దాన్ని కనిపెట్టి, తవ్వి, ఎముకకు ఎముక అమర్చిన మేరీ పేరు లేనేలేదు! ఆ సంఘంలో స్త్రీలకు ప్రవేశమే లేదు. 1919 దాకా సభ్యత్వం ఇవ్వలేదు. 1828లో ఆమె కనుగొన్న ఎగిరే సరీసృపం విషయంలో మాత్రం బక్‌లాండ్ పండితుడు ఆమె పేరు చెప్పాడు. శిలాజమైన పేడ ఉండలను గుర్తించడంలో కూడా ఆమె గమనించిన సంగతులే ఆయనకు దారి చూపాయి. మ్యూజియం చీటీల మీద మాత్రం ఎన్నో ఏళ్ళు దానం చేసిన దొర పేరే ఉండేది, కనుగొన్న మనిషి పేరు ఉండేది కాదు. తన తెలివిని పిండుకుని పెద్దలు గ్రంథాలు రాసుకున్నారని, తనకు దక్కింది ఏమీ లేదని ఆమె బాధపడినట్లు ఆమెతో తిరిగిన ఒక యువతి రాసిపెట్టింది. ఆ బాధ న్యాయమైనదేనని నాకనిపిస్తుంది. పంచుకోవడమంటే వస్తువు ఒక్కటే కాదు కదా, పేరు కూడా.

1830 ప్రాంతంలో మళ్ళీ గడ్డురోజులు వచ్చాయి. చిన్ననాటి స్నేహితుడు డి లా బెష్, ఆమె కనుగొన్న జంతువులన్నీ ఆ పురాతన సముద్రంలో ఈదులాడుతున్నట్లు చిత్రం గీసి, ప్రతులు అచ్చువేయించి, అమ్మిన సొమ్ము ఆమెకు ఇచ్చాడు. 1835లో ఆమె దాచుకున్న డబ్బు కాస్తా పోయింది. బక్‌లాండ్ పూనుకుని ప్రభుత్వంతోను, శాస్త్ర సంఘంతోను మాట్లాడి ఏటా 25 పౌన్లు వచ్చే ఏర్పాటు చేశాడు. చివరి రోజుల్లో రొమ్ము క్యాన్సర్ నొప్పికి నల్లమందు వేసుకునేది. ఊరివాళ్ళు కొందరు అది చూసి తాగుతున్నదన్నారు. 1847 మార్చి 9న, నలభై ఏడేళ్ళకే కన్నుమూసింది. పెళ్ళి చేసుకోలేదు.

పుట్టుకతో ఆమెది రాజుగారి సభకు వేరైన చిన్న క్రైస్తవ సంఘం. నడివయసులో ఆంగ్లికన్ సభలో చేరింది. పునీత మిఖాయేలు దేవాలయ ఆవరణలో, కొండకు దగ్గరగా ఆమె సమాధి ఉన్నది. తనను లోపలికి రానివ్వని ఆ భూగర్భశాస్త్ర సంఘపు సభ్యులే ఊరి పాదిరితో కలిసి 1850లో ఆ దేవాలయంలో ఆమె జ్ఞాపకార్థం రంగుటద్దాల కిటికీ పెట్టించారు. అందులో రాక్షసబల్లులు లేవు, అమ్మోనైట్లూ లేవు. మనం జ్ఞానోపదేశంలో నేర్చుకున్న దయాకార్యాలు ఆరు బొమ్మలుగా ఉన్నాయి: ఆకలిగొన్నవారికి అన్నం, దప్పిగొన్నవారికి నీరు, బట్టలేనివారికి బట్ట, పరదేశికి చోటు, రోగులను, చెరలో ఉన్నవారిని చూడబోవడం. తనకే గడవని రోజుల్లో కూడా ఆమె బీదలకు చేసింది ఊరికి తెలుసు.

2022 మే 21న, ఆమె పుట్టినరోజున, ఒక బడిపిల్ల పట్టుదల వల్ల మొదలైన చందాలతో లైమ్‌లో ఆమెకు కంచు విగ్రహం పెట్టారు. చేతిలో సుత్తి, పక్కన ట్రే. ఆ ఒడ్డున ఇప్పటికీ సేకర్తలు తిరుగుతూనే ఉన్నారు. ముఖ్యమైనదేదైనా దొరికితే దగ్గరలోని చార్‌మౌత్ కేంద్రంలో నమోదు చేయించాలనేది వారి కట్టుబాటు. తిరిగి పోయేటప్పుడు కొందరు దేవాలయం దాకా ఎక్కి, ఆ రోజు ఏరిన వాటిలో ఒక చిన్న రాయిని ఆమె సమాధి మీద వదిలి పోతారు.