వెలుగును చదివిన చూపు... రాజా దీన్‌దయాళ్
నిజాం నాటి దక్కన్‌ను గాజు పలకలపై నిలిపిన ఛాయాచిత్రకారుడు
జులై 5న వర్ధంతి

హన్మకొండ: వేయిస్తంభాల గుడి నూట ముప్పయ్యేళ్ల క్రితం ఎలా ఉండేదో నేటి తరానికి తెలుస్తోందంటే అందుకు కారణం ఒక ఛాయాచిత్రకారుడు. 1902లో నాటి వైస్రాయ్ లార్డ్ కర్జన్ దంపతులు నెక్కొండ అడవుల్లో పులి వేటకు వచ్చిన దృశ్యం ప్రపంచానికి తెలిసిందీ ఆయన కెమెరా ద్వారానే. ఆయనే రాజా దీన్‌దయాళ్. పుట్టింది ఉత్తరాదిన అయినా హైదరాబాద్ సంస్థానాన్ని కార్యక్షేత్రంగా చేసుకుని, ఇక్కడి కోటలను, గుళ్లను, ప్రభువులను, కరవు బాధితులను భావితరాలకు అందించారు. గొప్ప ఛాయాచిత్రకారునికి ఉండవలసిన లక్షణాలు ఏమిటన్న ప్రశ్నకు ఆయన జీవితమే సమాధానం.

గీత నేర్పిన క్రమశిక్షణ
దీన్‌దయాళ్ 1844లో మీరట్ సమీపంలోని సర్ధనాలో జైన కుటుంబంలో జన్మించారు. వారిది నగల వ్యాపారుల వంశం. రూర్కీలోని థామ్సన్ ఇంజినీరింగ్ కళాశాలలో చదివి, ఇండోర్‌లో ప్రజాపనుల శాఖలో డ్రాఫ్ట్స్‌మన్‌గా చేరారు. కట్టడాల కొలతలు తీయడం, వాటిని కాగితంపై గీయడం ఆయన ఉద్యోగం. ఏ స్తంభం ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో, ఏ గోడ ఎంత లోతుకు వెళుతుందో నిత్యం గమనించే ఈ పని ఆయన కంటికి గొప్ప శిక్షణ అయింది. ముప్పయ్యేళ్ల వయసులో, 1874లో, ఆయన కెమెరా చేతబట్టారు. అప్పటి బ్రిటిష్ అధికారి సర్ హెన్రీ డేలీ, ఇండోర్ పాలకుడు తుకోజీరావు హోల్కర్ ఆయనకు అండగా నిలిచారు. ఏడాది తిరిగేసరికి, 1875-76లో భారత పర్యటనకు వచ్చిన వేల్స్ యువరాజును చిత్రించే అవకాశం దక్కింది.

ఓర్పే పెట్టుబడి
నాటి ఛాయాగ్రహణం నేటిలా మీట నొక్కితే ముగిసేది కాదు. గాజు పలకకు రసాయనం పూసి, అది తడి ఆరకముందే కెమెరాలో అమర్చి చిత్రం తీయాలి. ఆ వెంటనే చీకటి గుడారంలోకి తీసుకెళ్లి కడగాలి. ఎండ తీవ్రమైతే రసాయనం ముందే ఆరిపోయేది. గాలి వీస్తే ధూళి అంటుకునేది. పలక పగిలితే శ్రమంతా వృథా. 1880ల్లో పొడి పలకలు వాడుకలోకి వచ్చి కొంత వెసులుబాటు కలిగినా, బరువైన గాజు పెట్టెలను బండ్ల మీద మోసుకు తిరగక తప్పలేదు.

ఇన్ని ఇబ్బందుల నడుమనే 1882-83లో సర్ లెపెల్ గ్రిఫిన్ వెంట బుందేల్‌ఖండ్ ప్రాంతమంతా తిరిగి ప్రాచీన కట్టడాలను చిత్రించారు. ఆ చిత్రాలతో 1886లో మధ్య భారత స్మారక కట్టడాలపై గ్రంథం వెలువడింది. నీడ ఎటు పడితే శిల్పం లేచి కనబడుతుందో, ఏ వేళకు గోపురం అంచు స్పష్టమవుతుందో ఆయనకు తెలుసు. అందుకే ఆ చిత్రాల్లో రాయి సైతం సజీవంగా తోస్తుంది.

ఉద్యోగం వదలి... దక్కన్‌కు
1885లో వైస్రాయ్ లార్డ్ డఫ్రిన్ ఆయనను తన ఛాయాచిత్రకారునిగా నియమించారు. అదే కాలంలో ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ ఆస్థానం నుంచి ఆదరణ లభించింది. పెన్షన్ వచ్చే సర్కారు కొలువును వదులుకుని, రేపటి ఆదాయం ఎంతో తెలియని వృత్తిని నమ్ముకోవడం ఆ రోజుల్లో చిన్న సాహసం కాదు. దీన్‌దయాళ్ ఆ సాహసం చేశారు. 1886లో సికింద్రాబాద్‌లో స్టూడియో ప్రారంభించారు. 1896లో బొంబాయిలోనూ శాఖ తెరిచారు. కుమారులు జ్ఞాన్‌చంద్, ధరమ్‌చంద్ ఈ వృత్తిలో ఆయనకు తోడయ్యారు. ప్రతి పలకకూ అంకె వేసి భద్రపరచడం ఆ సంస్థ పద్ధతి. నేడు ఆయన చిత్రాలను గుర్తించడానికి పరిశోధకులకు ఆ అంకెలే ఆధారం.

పరదా చాటుకు గౌరవం
ఎదుటి మనిషి నమ్మకం పొందనిదే మంచి చిత్రం రాదని ఆయన గ్రహించారు. పరదా పాటించే కుటుంబాల స్త్రీలు పరపురుషుని ఎదుట కూర్చోరు. దీనికి పరిష్కారంగా 1892లో హైదరాబాద్‌లో స్త్రీల కోసం ప్రత్యేకంగా జెనానా స్టూడియో నెలకొల్పి, నిర్వహణను ఒక ఆంగ్ల మహిళకు అప్పగించారు. ఆచారానికి భంగం కలగలేదు, వ్యాపారమూ సాగింది. అంతఃపురాలు దాటని స్త్రీలకు తమ రూపాన్ని చిత్రంలో చూసుకునే అవకాశం కలిగింది.

దర్బారూ... కరవూ
విందులు, వేటలు, సైనిక విన్యాసాలు, రాజభవనాల అద్దాల మందిరాలు ఆయన చిత్రాల్లో అధిక భాగం. పోషించింది ప్రభువులే కనుక వారి వైభవానికే పెద్దపీట పడిందన్న విమర్శను తోసిపుచ్చలేము. అయితే 1899-1900 నాటి ఘోర కరవులో ఔరంగాబాద్ ప్రాంతంలో సర్కారు చేపట్టిన సహాయక పనులను కూడా ఆయన సంస్థే చిత్రించింది. ప్రభుత్వం చేసిన మేలును చూపడానికే ఆ చిత్రాలు తీయించినా, ఎముకలు తేలిన దేహాలను కెమెరా దాచలేకపోయింది. దర్బారు దుస్తుల ముడతలను ఎంత స్పష్టంగా పట్టిందో, డొక్కలెండిన పిల్లలనూ అంతే స్పష్టంగా పట్టింది. ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూస్తేనే ఆ కాలం పూర్తిగా అర్థమవుతుంది.

బిరుదులు వరించినా...
1893లో షికాగో ప్రపంచ ప్రదర్శనలో ఆయన చిత్రాలు బహుమతి పొందాయి. మరుసటి ఏడాది నిజాం ఆయనకు రాజా బహదూర్ ముసవ్విర్ జంగ్ బిరుదు ప్రసాదించారు. 1897లో విక్టోరియా మహారాణి నుంచి రాయల్ వారంట్ లభించింది. వృద్ధాప్యంలో మాత్రం విషాదం తప్పలేదు. 1904లో కుమారుడు ధరమ్‌చంద్ కన్నుమూశారు. మరుసటి ఏడాది, 1905 జులై 5న, దీన్‌దయాళ్ బొంబాయిలో తుదిశ్వాస విడిచారు. ఆయన తర్వాత సంస్థ క్రమంగా పూర్వవైభవం కోల్పోయింది.

మిగిలింది గాజే
కుటుంబం వద్ద మిగిలిన 2,857 గాజు నెగెటివ్‌లను 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రం సేకరించి భద్రపరిచింది. 2006లో తపాలా శాఖ ఆయన స్మారకంగా స్టాంపు విడుదల చేసింది. చేయి జారితే ముక్కలయ్యే గాజు మీద నిలిచిన చరిత్ర ఇది. మన ఊళ్లలోనూ పాత స్టూడియోల అటకలపై, ఇళ్లలోని ట్రంకు పెట్టెల్లో నెగెటివ్‌లు, చిత్రాలు చెమ్మకు, చెదలకు బలవుతున్నాయి. వాటిలో కూలిన బురుజులు, పూడిన చెరువులు, మరచిన మనుషులు ఉండవచ్చు. పారవేసే ముందు వాటి వెనుక ఊరు, పేరు, సంవత్సరం రాసి భద్రపరిస్తే, దీన్‌దయాళ్‌కు అంతకు మించిన నివాళి ఉండదు.