జోసెఫ్ లిస్టర్

జోసెఫ్ లిస్టర్ (ఏప్రిల్ 5, 1827 - ఫిబ్రవరి 10, 1912) సుప్రసిద్ధ ఆంగ్ల శస్త్రవైద్యుడు. శస్త్రచికిత్స తరువాత గాయము చీము పట్టకుండా నివారించే యాంటిసెప్టిక్ పద్ధతికి ఆద్యుడు. ఈ పద్ధతిని ఈయన మొట్టమొదట ప్రయోగించినది విరిగిన ఎముకల విషయములోనే.

బాల్యము, విద్యాభ్యాసము

లిస్టర్ లండన్ సమీపమునందలి అప్టన్ గ్రామములో క్వేకర్ మతశాఖకు చెందిన కుటుంబములో జన్మించాడు. తండ్రి జోసెఫ్ జాక్సన్ లిస్టర్ వృత్తిరీత్యా ద్రాక్షసారా వర్తకుడు. అయినా సూక్ష్మదర్శిని కటకములను మెరుగుపరచిన శాస్త్రజ్ఞుడిగా పేరు పొందాడు. చిన్నతనములోనే సూక్ష్మదర్శినితో కలిగిన పరిచయము లిస్టర్‌కు తరువాత ఎంతో ఉపకరించింది. లండన్ యూనివర్సిటీ కళాశాలలో చదివి 1852లో వైద్యపట్టా పొందాడు. 1853లో ఎడింబరో చేరి, ప్రఖ్యాత శస్త్రవైద్యుడు జేమ్స్ సైమ్ వద్ద పనిచేశాడు. 1856లో సైమ్ కుమార్తె ఆగ్నెస్‌ను వివాహమాడాడు. ఆమె భర్త పరిశోధనలలో పాలుపంచుకొని, ప్రయోగ వివరములను స్వహస్తముతో వ్రాసిపెట్టేది. 1860లో లిస్టర్ గ్లాస్గో విశ్వవిద్యాలయములో శస్త్రవైద్య ఆచార్యుడయ్యాడు.

నాటి పరిస్థితులు

1846లో ఈథర్ మత్తుమందు వాడుకలోకి రావడముతో శస్త్రచికిత్సలో నొప్పి తొలగింది గాని మరణములు తగ్గలేదు. ఎముక చర్మము లోపలనే విరిగితే బద్దలు కట్టి ఉంచితే చాలావరకు అతుక్కొనేది. చర్మము చిట్లి ఎముక బయటపడితే మాత్రము గాయము కుళ్ళి, విషము రక్తములో వ్యాపించి రోగి మరణించే ప్రమాదము ఎక్కువ. అందుచేత కాలును లేదా చేతిని ముందుగానే తీసివేయడము ఆనాటి ఆచారము. ఆ శస్త్రచికిత్స వలన కూడా పలువురు మరణించేవారు. దుర్గంధపూరితమైన గాలియే ఇందుకు కారణమని వైద్యులు భావించేవారు.

విరిగిన ఎముకలపై ప్రయోగము

ఒకే ఎముక ఒకే విధముగా విరిగినా, చర్మము చిట్లనప్పుడు మానడము, చిట్లినప్పుడు కుళ్ళడము లిస్టర్‌ను ఆలోచింపజేశాయి. పదార్థములు కుళ్ళడానికి సూక్ష్మజీవులే కారణమని నిరూపించిన లూయీ పాశ్చర్ రచనలను రసాయనశాస్త్ర ఆచార్యుడు థామస్ ఆండర్సన్ ఈయన దృష్టికి తెచ్చాడు. గాయము కుళ్ళడము కూడా అటువంటిదేనని లిస్టర్ గ్రహించాడు. కార్లైల్ పట్టణములో మురుగునీటి దుర్వాసన పోగొట్టడానికి వాడుతున్న కార్బాలిక్ ఆమ్లమును (ఫినాల్) ఇందుకు ఎన్నుకున్నాడు.

1865 ఆగస్టు 12న బండిచక్రము ఎక్కి కాలు విరిగిన 11 ఏళ్ళ బాలుని గ్లాస్గో రాయల్ ఇన్‌ఫర్మరీకి తీసుకువచ్చారు. లిస్టర్ గాయముపై కార్బాలిక్ ఆమ్లములో తడిపిన గుడ్డ వేసి, దానిపై తగరపు రేకు కప్పి, బద్దలు కట్టించాడు. నాలుగు రోజుల తరువాత కట్టు విప్పి చూడగా చీము లేదు. సుమారు ఆరు వారాలలో ఎముక అతుక్కున్నది. ఇటువంటి 11 మంది వివరములను లిస్టర్ 1867లో లాన్సెట్ పత్రికలో ప్రకటించాడు. వారిలో 9 మంది అవయవము కోల్పోకుండా కోలుకున్నారు, ఒకరికి అవయవము తీసివేయవలసి వచ్చింది, ఒకరు మరణించారు.

అవయవములు తీసివేసే శస్త్రచికిత్సల ఫలితములను 1870లో వెల్లడించాడు. ఈ పద్ధతికి పూర్వము 35 మందిలో 16 మంది మరణించగా, తరువాత 40 మందిలో ఆరుగురు మాత్రమే మరణించారు.

విమర్శలు, మార్పులు

సూక్ష్మక్రిముల సిద్ధాంతమును నమ్మని బ్రిటిష్ వైద్యులు చాలాకాలము ఈ పద్ధతిని వ్యతిరేకించారు. జర్మనీలో త్వరగా ఆదరణ లభించింది. 1877లో లిస్టర్ లండన్ కింగ్స్ కళాశాలకు వచ్చి, విరిగిన మోకాలి చిప్పను వెండి తీగతో కుట్టాడు. చర్మము చిట్లని మోకాలిని కావాలని కోసి తెరవడము అంతవరకు ప్రాణాపాయముగా భావించబడేది. రోగి కోలుకోవడముతో పలువురి అభిప్రాయము మారింది. గాలిలోని క్రిములను చంపడానికి 1871 నుండి వాడిన కార్బాలిక్ తుంపరను లిస్టర్ 1890 నాటికి విడిచిపెట్టాడు. చేతులు, పరికరముల ద్వారా వచ్చే క్రిములే ముఖ్యమని అప్పటికి తేలింది. పరికరములను, వస్త్రములను ఆవిరితో శుద్ధి చేసే పద్ధతి క్రమముగా వాడుకలోకి వచ్చింది.

గౌరవములు, మరణము

లిస్టర్ 1895 నుండి 1900 వరకు రాయల్ సొసైటీ అధ్యక్షుడు. 1897లో బారన్ బిరుదు పొందాడు. 1912లో కెంట్ ప్రాంతములోని వాల్మర్‌లో మరణించాడు.

తరువాతి కాలము, తెలుగునాడు

20వ శతాబ్దములో యాంటీబయాటిక్ మందులు తోడయ్యాయి. వీటిలో ఆరియోమైసిన్ 1948లో వెలువడింది. దానిని బెంజమిన్ డుగ్గర్ కనుగొన్న లెడర్లీ ప్రయోగశాలలకు తెలుగువాడైన యల్లాప్రగడ సుబ్బారావు పరిశోధన సంచాలకుడు. నేడు ఎముక బయటపడిన గాయమును శుభ్రపరచి కడగడము, వీలైనంత త్వరగా యాంటీబయాటిక్ ఇవ్వడము, ధనుర్వాతము టీకా అవసరమేమో చూడడము, చచ్చిన కండను తొలగించడము చికిత్సలో భాగములు. ఎముకకు రాడ్డు లేదా ప్లేటు వేసేటప్పుడు కోతకు ముందే యాంటీబయాటిక్ ఇస్తారు. లోహముపై చేరిన క్రిములను తరువాత తొలగించడము కష్టము.

హైదరాబాదు - బెంగుళూరు రహదారి వనపర్తి, జోగులాంబ గద్వాల జిల్లాల మీదుగాను, హైదరాబాదు - శ్రీశైలం రహదారి నాగర్‌కర్నూల్ జిల్లా మీదుగాను వెళ్తాయి. రహదారి ప్రమాదములలో కాళ్ళు విరిగినవారికి ఈ నివారణ పద్ధతులే ఆధారము. వనపర్తి, నాగర్‌కర్నూల్‌లలో 2022లోను, గద్వాలలో 2024లోను ప్రభుత్వ వైద్య కళాశాలలు ప్రారంభమయ్యాయి. ప్రమాదస్థలములో గాయముపై మట్టి, పసుపు, ఆకుపసరు వంటివి వేయకుండా శుభ్రమైన గుడ్డ కప్పి, విరిగిన భాగము కదలకుండా కట్టి, త్వరగా ఆసుపత్రికి చేర్చవలెను.